ప్లగిన్ ఎంపికలో ‘ఎన్ని సైట్లలో వాడుతున్నారు’ అన్న సంఖ్యను నమ్ముకోవచ్చా?

అక్షరవల:

ఒక స్వచ్ఛంద సంస్థకు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో వెబ్‌సైట్ నిర్మించి ఇచ్చే పని మా చిన్న బృందం చేతిలో ఉంది. పేజీల అమరిక, సంప్రదింపు ఫారం, సెర్చ్ ఇంజన్లకు అందించవలసిన వివరాలు, క్యాష్ (పేజీలు త్వరగా తెరుచుకునేలా ముందే సిద్ధంగా దాచడం), బ్యాకప్, భద్రత వంటి పనులకు ప్లగిన్‌లు, అంటే వర్డ్‌ప్రెస్‌కు అదనపు సదుపాయాలు చేర్చే ప్రోగ్రాములు, ఎంచుకోవాలి. వర్డ్‌ప్రెస్ అధికారిక డైరెక్టరీలో ఒక్కో పనికి పదుల సంఖ్యలో ప్లగిన్‌లు కనిపిస్తాయి. ప్రతి దాని కిందా అది ఎన్ని సైట్లలో వాడుకలో ఉందో సుమారు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య పెద్దదిగా ఉన్నవాటినే తీసుకుంటే చాలునని బృందంలో కొందరి అభిప్రాయం. జనం ఎక్కువగా వాడే ప్లగిన్‌ల మీదనే దాడులు కూడా ఎక్కువగా జరుగుతాయి కనుక అంతగా పేరు లేని చిన్న ప్లగిన్‌లే మేలని, కొద్దిపాటి అవసరాలకు మనమే కోడ్ రాసుకోవాలని మిగిలినవారి వాదన. మేము తప్పుకున్న తరువాత ఈ సైట్‌ను నడిపేది కోడ్ తెలియని కార్యాలయ సిబ్బంది. ఈ పరిస్థితిలో ఏ వాదన నిలుస్తుందో అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

సర్వర్ కాపరి:

సైట్‌ను నడిపేవారికి కోడ్ తెలియదని మీరే చెప్పారు కనుక నా సమాధానంలో సందేహానికి తావు లేదు. ఎక్కువ మంది వాడుతున్న ప్లగిన్‌నే తీసుకోండి.

లోపం లేని ప్లగిన్ ఉండదు. కాబట్టి లోపం బయటపడ్డాక దాన్ని ఎంత త్వరగా సరిదిద్దుతారో, ఆ సవరణ సైట్లకు ఎలా చేరుతుందో చూసి ఎంచుకోవాలి. 2022 ఫిబ్రవరిలో అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే బ్యాకప్ ప్లగిన్‌లో ఒక లోపం బయటపడింది. సైట్‌లో మామూలు చందాదారు ఖాతా ఉన్నవారు కూడా సైట్ బ్యాకప్‌ను డౌన్‌లోడ్ చేసుకోగల ప్రమాదం అది. 30 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ కావడంతో, యజమానులు తమంతట తాము అప్‌డేట్ చేసుకునే దాకా ఆగకుండా, వర్డ్‌ప్రెస్ వైపు నుంచే సవరణను బలవంతంగా పంపారు. 2024 నవంబరులో 40 లక్షలకు పైగా సైట్లలో ఉన్న రియల్లీ సింపుల్ సెక్యూరిటీ అనే భద్రతా ప్లగిన్ విషయంలోనూ అలాగే చేశారు. అలాంటి లోపం రెండు వందల సైట్లలో మాత్రమే ఉన్న ప్లగిన్‌లో ఉంటే, దాన్ని వెతికే పరిశోధకులూ ఉండరు, తెలిసినా హడావుడిగా కదిలేవారూ ఉండరు. పేరు లేని ప్లగిన్ మీద దాడి జరగదన్నది కూడా భ్రమే. దాడి చేసే ప్రోగ్రాములు సైట్లను వరుసగా తడుముతూ పోతాయి, ఎవరి సైట్ ఎంత చిన్నదో వాటికి అక్కర లేదు.

ఇంకొక కారణం పొసగడం. థీమ్‌లు (సైట్ రూపాన్ని నిర్ణయించేవి) తయారుచేసేవారు, సైట్లకు సర్వర్ చోటు ఇచ్చే హోస్టింగ్ సంస్థలు ముందుగా పరీక్షించుకునేది యోస్ట్ (సెర్చ్ ఇంజన్ల వివరాలకు), వూకామర్స్ (ఆన్‌లైన్ దుకాణానికి), ఎలిమెంటార్ (పేజీల అమరికకు) వంటి పెద్ద ప్లగిన్‌లతోనే. పునాదినే మార్చే పని కూడా పెద్దవారికే సాధ్యం. వూకామర్స్ చాలాకాలం ఆర్డర్లను డేటాబేస్‌లో వ్యాసాలు ఉండే పట్టికలోనే దాచేది. దుకాణం పెరిగేకొద్దీ అది భారమయ్యేది. ఆర్డర్లకు ప్రత్యేక పట్టికలు రూపొందించి, పాతవాటిని తరలించే మార్గం ఇచ్చి, 2023 అక్టోబరులో వచ్చిన 8.2 నుంచి కొత్త దుకాణాలకు దాన్నే మామూలు పద్ధతిగా చేశారు. ఒంటరిగా రాసే ఒక ప్రోగ్రామర్ నుంచి ఇంతటి మార్పును ఆశించలేము.

మూలకోడ్ చదువరి:

సర్వర్ కాపరి గారి ఉదాహరణలను ఒప్పుకుంటాను. వాటి నుంచి వారు తేల్చిన మాటను మాత్రం ఒప్పుకోలేను. వాడుక సంఖ్య నిన్నటి దాకా ఎంతమంది ఆ ప్లగిన్‌ను ఎంచుకున్నారో చెబుతుంది. ఈరోజు అది ఎవరి చేతిలో ఉందో చెప్పదు.

డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్‌ను తలచుకోండి. సుమారు 2 లక్షల సైట్లలో ఉండేది, చేసే పని కూడా చాలా చిన్నది: ఏ పేజీలో ఏ విడ్జెట్ (పేజీ పక్కనో కిందో ఉండే చిన్న విభాగం) కనిపించాలో నిర్ణయించడం. 2017లో దాని అసలు రచయితలు దాన్ని అమ్మేశారు. కొన్నవారు తరువాతి వెర్షన్లలో బయటి సర్వర్ నుంచి ప్రకటనల పేజీలు తెచ్చి చొప్పించే కోడ్‌ను కలిపారు. లాగిన్ అయి ఉన్నవారికి ఆ పేజీలు కనిపించకుండా జాగ్రత్తపడ్డారు కూడా. అంటే సైట్ యజమాని తన సైట్‌ను ఎంత శ్రద్ధగా చూసుకున్నా అతనికి ఏమీ కనిపించదు. డైరెక్టరీ వారు తొలగించడం, సరిచేశామని చెప్పి అది తిరిగి రావడం పలుమార్లు జరిగి, ఆ ఏడాది సెప్టెంబరులో శాశ్వతంగా పోయింది. ఈ కాలమంతా ఆ 2 లక్షల సంఖ్య ఆ పేజీ మీద నమ్మకానికి గుర్తుగానే కనిపించింది.

ఇక్కడ వర్డ్‌ప్రెస్ నిర్మాణం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చంతా దాని మీదనే ఆధారపడి ఉంది. ఫోన్‌లో ఒక యాప్‌కు కెమెరా అనుమతి ఇచ్చి చిరునామాల అనుమతి ఇవ్వకుండా ఉండవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో ఆ సదుపాయం లేదు. యాక్టివేట్ చేసిన ప్రతి ప్లగిన్ కోడూ వర్డ్‌ప్రెస్ సొంత కోడ్‌తో సమానమైన అధికారంతో నడుస్తుంది. డేటాబేస్ మొత్తాన్ని చదవగలదు, వాడుకరుల ఖాతాలు సృష్టించగలదు, సర్వర్ అనుమతించినంత మేర ఫైళ్లు మార్చగలదు. విడ్జెట్ దాచే ప్లగిన్‌కూ భద్రతా ప్లగిన్‌కూ ఈ విషయంలో తేడా లేదు. కాబట్టి ప్రతి ప్లగిన్‌నూ సైట్ తాళం చెవి అందుకుంటున్న వ్యక్తిగానే చూడాలి, ఆ వ్యక్తి ఎవరో అడగాలి.

పెద్ద ప్లగిన్‌లలో వచ్చే లోపాలు ఎలా పుడతాయో కూడా గమనించండి. 2020 సెప్టెంబరులో 7 లక్షల సైట్లలో ఉన్న ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్ మీద దాడులు జరిగాయి. అది వాడుకునే ఎల్‌ఫైండర్ అనే లైబ్రరీతో (ఇతరులు రాసి ఉంచిన సిద్ధ కోడ్‌తో) ఒక నమూనా ఫైల్ వస్తుంది. దాని పేరు మారి, సర్వర్‌లో నేరుగా నడిచే పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) ఫైల్‌గా ప్లగిన్‌లో ఉండిపోయింది. లాగిన్ కూడా కాకుండా ఎవరైనా దాని గుండా సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించగలిగారు. 2024 ఆగస్టులో 50 లక్షలకు పైగా సైట్లలో ఉన్న లైట్‌స్పీడ్ క్యాష్‌లో మరొకటి బయటపడింది. పేజీలను ముందుగానే సిద్ధం చేసి ఉంచేందుకు అది ఒక రహస్య సంకేతాన్ని వాడేది. ఆ సంకేతానికి ఉండగల విలువలు 10 లక్షలే కావడంతో ఒక్కొక్కటిగా ప్రయత్నించి అడ్మిన్ హోదా సంపాదించే వీలుండేది. రెండు చోట్లా లోపం ఆ ప్లగిన్ ముఖ్యమైన పనిలో లేదు, దానితో పాటు వచ్చిన అదనపు కోడ్‌లో ఉంది. పేరు పెరిగేకొద్దీ సదుపాయాలు పెరుగుతాయి. మీ స్వచ్ఛంద సంస్థకు వాటిలో పదో వంతు కూడా అక్కర ఉండదు, కోడ్ మాత్రం మొత్తం వచ్చి కూర్చుంటుంది.

అసలు ప్లగిన్ అవసరమా అన్నది కూడా ముందుగా అడగవలసిన ప్రశ్న. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి చిత్రాలను అవసరమైనప్పుడే లోడ్ చేయడం, సైట్‌మ్యాప్ (సెర్చ్ ఇంజన్ల కోసం పేజీల జాబితా) తయారుచేయడం వర్డ్‌ప్రెస్ తనంతట తానే చేస్తోంది. ఈ పనుల కోసమే వేసుకున్న ప్లగిన్‌లను ఇప్పటికీ చాలా సైట్లలో చూస్తున్నాను. పేజీ తల భాగంలో ఒక ధృవీకరణ ట్యాగ్ (సైట్ మనదేనని చూపే చిన్న గుర్తు) చేర్చడం వంటి పనికి హుక్ (మన కోడ్‌ను తగిలించేందుకు వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు) ఆధారంగా పది వరుసల కోడ్ చాలు. దాన్ని థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్‌లో రాయకుండా, విడిగా ఒక చిన్న ప్లగిన్‌గా రాయండి. లేకపోతే థీమ్ మార్చిన రోజున అది కూడా పోతుంది.

పేజీ కూర్పు:

భద్రత గురించి చాలా చెప్పారు కనుక నేను వేరే వైపు నుంచి వస్తాను. ఒక ప్లగిన్‌ను తీసేసిన రోజున ఏమి మిగులుతుందన్నదే నేను మొదట చూసే విషయం.

కోడ్ లేకుండా పేజీ రూపం కూర్చే పేజీ బిల్డర్ ప్లగిన్‌ల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. డబ్ల్యుపీబేకరీ అనే బిల్డర్‌ను ఆపివేస్తే వ్యాసాల నిండా చదరపు బ్రాకెట్లలో షార్ట్‌కోడ్‌లు (ఆ ప్లగిన్‌కు మాత్రమే అర్థమయ్యే గుర్తులు) బయటపడతాయి. పాఠకుడికి అవే కనిపిస్తాయి. ఎలిమెంటార్ అమరికను తన సొంత డేటాగా దాచుకుంటుంది; దాన్ని ఆపితే పాఠ్యం, బొమ్మలు చాలావరకు మిగులుతాయి కానీ పేజీ రూపం పోతుంది. అంటే ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా, ఆ సైట్ జీవితకాలమంతా దానితోనే ఉండాలని నిర్ణయించుకున్నట్లే. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0తో దాని సొంత బ్లాక్ ఎడిటర్ (పేజీని ముక్కలుగా కూర్చే సాధనం) వచ్చాక, సమాచారం ఇచ్చే మామూలు పేజీల కోసం ఆ బంధంలోకి వెళ్లవలసిన అవసరం బాగా తగ్గింది. కార్యాలయ సిబ్బంది లాగి వదిలే పద్ధతికి అలవాటుపడి ఉంటే బిల్డర్ సులువనిపిస్తుందన్నది నిజమే, దాన్ని తక్కువ చేయను. అయితే సులువు మొదటి నెలలో అందుతుంది, మారాలనుకున్నప్పటి కష్టం తరువాతి బృందం మీద పడుతుంది.

డేటాబేస్ సంగతి కూడా ఇలాంటిదే. ప్లగిన్‌ను డిలీట్ చేసినా, అది సృష్టించిన పట్టికలను, సెట్టింగ్‌లను తుడిచే కోడ్‌ను రచయిత రాసి ఉంటేనే అవి పోతాయి. చాలామంది రాయరు. సెట్టింగ్‌లు ఉండే ఆప్షన్స్ పట్టికలో మిగిలినవాటిలో కొన్ని ప్రతి పేజీ తెరిచినప్పుడూ లోడ్ అవుతూనే ఉంటాయి. 6.6 వెర్షన్ నుంచి, సైట్ పరిస్థితి చూపే సైట్ హెల్త్ పేజీ ఈ భారం సుమారు 800 కిలోబైట్లు దాటితే హెచ్చరిస్తుంది. అప్పగించే ముందు ఒకసారి చూడండి.

సర్వర్ కాపరి:

పేజీ బిల్డర్ విషయంలో పేజీ కూర్పు గారితో ఏకీభవిస్తున్నాను. మూలకోడ్ చదువరి గారికి రెండు మాటలు.

డిస్‌ప్లే విడ్జెట్స్ చేతులు మారిన సంగతి బయటికి వచ్చింది, అది 2 లక్షల సైట్లలో ఉన్నందువల్లనే. వాడుకరుల్లో అనుమానించి కోడ్ తెరిచి చూసినవారు ఉన్నారు, ఫిర్యాదు చేసినవారు ఉన్నారు. మూడు వందల సైట్లలో ఉన్న ప్లగిన్ చేతులు మారితే గమనించేదెవరు? పెద్ద ప్లగిన్‌ల లోపాల జాబితా పొడవుగా కనిపించడానికి వాటిని ఎక్కువ మంది పరీక్షించడమూ ఒక కారణమే.

పది వరుసల సొంత కోడ్ గురించి మీరు తేలికగా చెప్పారు. ఆ పది వరుసలకు అప్‌డేట్ రాదు. పీహెచ్‌పీ వెర్షన్ మారినప్పుడు అది ఆగిపోతే, ఆ సంస్థలో అది ఎక్కడుందో తెలిసినవారు కూడా ఉండరు. 2019లో వచ్చిన 5.2 నుంచి వర్డ్‌ప్రెస్ అలాంటి సందర్భంలో నిర్వాహకుడికి మెయిల్ పంపి లోపాన్ని సరిచేసుకునే రికవరీ మోడ్‌లోకి తీసుకువెళుతుంది, నిజమే. కానీ ఆ మెయిల్ చదివి అర్థం చేసుకునేవారు కావాలి కదా. పెద్ద ప్లగిన్‌లను ఎంచుకుని ఆటో అప్‌డేట్ పెట్టి వెళ్లడమే వారికి మనం చేయగల మేలు. 2024 జులైలో వచ్చిన 6.6 నుంచి, అప్‌డేట్ వల్ల సైట్ కుప్పకూలితే పాత వెర్షన్‌కు దానంతట అదే వెనక్కి వెళుతుంది కూడా.

మూలకోడ్ చదువరి:

ఆ వెనక్కి వెళ్లే సదుపాయం సైట్‌ను పూర్తిగా ఆపేసే పీహెచ్‌పీ ప్రాణాంతక దోషాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఫారం పంపడం నిశ్శబ్దంగా ఆగిపోతే పట్టుకోదు. సహాయం కోరుతూ ఎవరో రాసిన సందేశం సంస్థకు చేరకపోవడం, పేజీ తెరుచుకోకపోవడం కంటే చిన్న నష్టమేమీ కాదు. పైగా అది చాలాకాలం ఎవరికీ తెలియదు.

ఆటో అప్‌డేట్ కూడా ఒక దారే, ఆ దారిలో ఏదైనా రావచ్చు. 2024 జూన్‌లో సోషల్ వార్‌ఫేర్‌తో సహా కొన్ని ప్లగిన్‌ల రచయితల ఖాతాల్లోకి వేరే చోట్ల బయటపడిన పాస్‌వర్డ్‌లతో చొరబడి, అధికారిక డైరెక్టరీ గుండానే చెడ్డ కోడ్ పంపారు. అది సైట్లలో కొత్త అడ్మిన్ ఖాతాలు సృష్టించింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ప్లగిన్ రచయితలకు రెండంచెల ధృవీకరణను తప్పనిసరి చేశారు. అదే నెల 12న, 20 లక్షలకు పైగా సైట్లలో ఉన్న అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ అనే ప్లగిన్ డైరెక్టరీ పేజీని, దాని యజమాని అయిన హోస్టింగ్ సంస్థ డబ్ల్యుపీ ఇంజన్‌తో నడుస్తున్న వివాదం మధ్య వర్డ్‌ప్రెస్ వారే స్వాధీనం చేసుకుని సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్‌గా మార్చారు. డిసెంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వు వచ్చాకనే అది తిరిగి యజమానికి చేరింది. ఎవరిది న్యాయమన్న చర్చ ఇక్కడ అక్కర లేదు. ఇంతటి పేరున్న ప్లగిన్ కూడా రాత్రికి రాత్రి వేరొకరి చేతికి వెళ్లగలదని అది చూపింది.

అయినా ఒక విషయంలో మీ మాటకు దగ్గరగా వస్తాను. ఫైల్ మేనేజర్‌కు సవరణ వచ్చేసరికే దాడులు మొదలైపోయాయి. అప్‌డేట్‌ను వారం ఆపి చూద్దామనుకునే నాలాంటివారి పద్ధతి, చూసుకునేవారు లేని సైట్‌కు ప్రమాదకరమే. అక్షరవల గారి సైట్‌లో ఆటో అప్‌డేట్ ఉండాలి. అయితే అది ఎన్ని ప్లగిన్‌లకు ఉండాలన్నది మన చేతిలో ఉంది, ఆ సంఖ్య తక్కువగా ఉండాలని నా పట్టుదల.

అక్షరవల:

అందరికీ కృతజ్ఞతలు. బృందంతో మాట్లాడి కొన్ని నిర్ణయాలు తీసుకున్నాము. పేజీ బిల్డర్ వద్దనుకున్నాము. బ్లాక్ ఎడిటర్‌లో ముందే కూర్చిన నమూనాలు ఇస్తాము. సైట్‌మ్యాప్ కోసం, చిత్రాల కోసం అనుకున్న ప్లగిన్‌లు జాబితా నుంచి పోయాయి. ఫారం, బ్యాకప్ పనులకు ఎక్కువ మంది వాడేవాటినే తీసుకుంటున్నాము, ఎంపికకు ముందు రచయిత ఎవరో, చివరి అప్‌డేట్ ఎప్పుడో, సహాయ విభాగంలో జవాబులు వస్తున్నాయో లేదో చూస్తున్నాము. క్యాష్ పనిని హోస్టింగ్ సర్వర్‌లోనే చేయించవచ్చని తెలిసింది కనుక దానికి ప్లగిన్ వేయడం లేదు. సొంత కోడ్ విషయంలో మాత్రం బృందం ఇంకా రెండుగానే ఉంది.

ఆటో అప్‌డేట్ అన్నిటికీ పెడుతున్నాము. ఫారం మౌనంగా ఆగిపోయే ప్రమాదం గురించి చదివాక, ప్రతి సోమవారం ఉదయం కార్యాలయంలో ఒకరు ఆ ఫారం నింపి, సందేశం తమ మెయిల్‌కు చేరిందో లేదో చూసుకోవాలని అప్పగింత పత్రంలో మొదటి వాక్యంగా రాశాము. బ్యాకప్‌ను అదే హోస్టింగ్ ఖాతాలో కాకుండా వేరే చోట దాచాలని తెలుసు. ఆ రెండో చోటి పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలో సంస్థ వారితో మాట్లాడి ఈ వారంలో తేల్చుకోవాలి.