రెండో డివిజన్‌లో కొత్త స్ట్రైకర్‌ని: గోల్ లేదు, జీతం లేదు, ఏజెంట్ మాత్రం ఫోన్లు చేస్తున్నాడు

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు 22 ఏళ్లు. బయటి దేశంలో ఫుట్‌బాల్ ఆడటం ఇదే మొదటిసారి. రెండో డివిజన్ క్లబ్బు, జూన్ దాకా ఒక సీజన్ కాంట్రాక్టు. వచ్చి రెండున్నర నెలలైంది. ఐదు మ్యాచ్‌లలో దిగాను, అన్నిట్లోనూ చివరి పావుగంటే. ఒక్క గోల్ కూడా పడలేదు. కోచ్ చెప్పేది సగం అర్థం కావడం లేదు. మొదటి నెల జీతం వచ్చింది, రెండోది ఇంకా రాలేదు. ఇంతలో ఒక ఏజెంట్, జనవరిలో మారిపో, పెద్ద క్లబ్బు బి జట్టులో (రిజర్వు జట్టులో) చోటు ఖాయం అంటున్నాడు. బాగా టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

మొదటి జవాబు

తమ్ముడూ, నేను ఆరు సీజన్లు బయట ఫార్వర్డ్‌గా ఆడి మానేసినవాణ్ణి. నువ్వు చెప్పినవాటిలో గోల్ సంగతే అన్నిటికన్నా చిన్నది. అయినా ముందు అదే చెప్తాను, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి.

ఉరుగ్వే స్ట్రైకర్ డీగో ఫోర్లాన్ 2002 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చాడు. మొదటి గోల్ సెప్టెంబరులో పడింది, అదీ పెనాల్టీ. ఆ తర్వాత స్పెయిన్ వెళ్లి, రెండు వేరు వేరు క్లబ్బుల తరఫున రెండుసార్లు లీగ్‌లో టాప్ స్కోరర్ అయ్యాడు. 2010 ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే. ఎనిమిది నెలలు గోల్ కొట్టలేకపోయినవీ ఆ కాళ్లే.

పాత జట్టులో నువ్వు ఎటు పరుగెత్తుతావో నీ వెనకవాళ్లకి తెలుసు. ఇక్కడ నీకు బంతి ఏ కాలికి కావాలో కూడా ఎవరికీ తెలీదు. అందుకని ప్రాక్టీస్ అయ్యాక వింగ్‌లో ఆడేవాణ్ణి ఇరవై నిమిషాలు ఆపు. క్రాస్ (పక్కనుంచి గోల్ ముందుకి కొట్టే బంతి) దగ్గరి పోస్టుకి కావాలో, దూరం పోస్టుకి కావాలో చేతితో చూపించినా చాలు. భాషంతా ఇప్పుడే రానక్కర్లేదు. మైదానంలో అరిచే మాటలు ముందు పట్టు: ‘వెనకే ఉన్నాడు’, ‘తిరుగు’, ‘వదిలెయ్’, ‘టైముంది’. ముప్పై మాటలకి మించి ఉండవు.

ఇంకోటి. చివరి పావుగంట కోసం దింపిన స్ట్రైకర్ దగ్గర కోచ్ చూసేది గోల్ ఒక్కటే కాదు. నేను మొదటి సీజన్లో మా జట్టు 1-0తో ముందుండగా దిగాను. గోల్ కొట్టి పేరు తెచ్చుకుందామని ఇద్దరు డిఫెండర్ల మధ్యలోంచి దూరబోయి బంతి పోగొట్టాను. అవతలివాళ్లు అదే బంతితో వెళ్లి స్కోరు సమం చేశారు. తర్వాత మూడు మ్యాచ్‌లు నాకు బెంచీ కూడా దక్కలేదు. ముందున్నప్పుడు దిగితే కార్నర్ జెండా దగ్గర బంతిని కాళ్ల కింద దాచిపెట్టుకో. వెనకబడి ఉన్నప్పుడు దిగితే వాళ్ల డిఫెండర్లకి ఊపిరి ఆడనివ్వకు.

బి జట్టు సంగతికొస్తే, పేరు చూసి వెళ్లొద్దు. సునీల్ ఛెత్రి 2010లో అమెరికా క్లబ్బు కాన్సస్ సిటీ విజార్డ్స్‌కి ఆడిన అధికారిక మ్యాచ్ ఒకే ఒక్కటి. 2012లో పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్ లిస్బన్‌కి వెళ్తే, బి జట్టులో ఆడినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే మనిషి 2024లో జాతీయ జట్టుకి వీడ్కోలు ప్రకటించేనాటికి 94 గోల్స్ కొట్టి ఉన్నాడు. బైచుంగ్ భూటియా 1999లో చేరిన బరీ అప్పట్లో ఇంగ్లండ్‌లో మూడో అంచె క్లబ్బు. అక్కడ 30కి పైగా లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. ఫార్వర్డ్‌కి కావాల్సింది మైదానంలో ఆడే నిమిషాలు. ఆ ఏజెంట్ నీకు నిమిషాల గురించి ఒక్క మాటైనా చెప్పాడా?

రెండో జవాబు

బాబూ, నేను ఆటగాళ్ల కాంట్రాక్టులు చూస్తుంటాను. జీతం గురించి చెప్తాను.

ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం) నిబంధన ప్రకారం క్లబ్బు రెండు నెలల జీతం బాకీ పడితే, నువ్వు రాతపూర్వకంగా నోటీసిచ్చి కనీసం 15 రోజులు గడువివ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే తగిన కారణం ఉన్నట్టే, కాంట్రాక్టు తెంచుకోవచ్చు. నీకు బాకీ ఒక నెలదే, కాబట్టి కోపంతో ప్రాక్టీస్ మానకు. మానితే తప్పు నీవైపు తిరుగుతుంది. కానీ ఈరోజే మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టు. డ్రెస్సింగ్ రూములో మేనేజర్ భుజం తట్టి ‘వచ్చేస్తుంది’ అన్న మాట ఎక్కడా సాక్ష్యం కాదు. రేపు గొడవ ముదిరి ఫిఫా ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సొస్తే, ఆటగాడు ఫీజు కట్టక్కర్లేదు, కానీ రెండేళ్లలోపు వెళ్లాలి.

ఏజెంట్‌కి ఫిఫా లైసెన్సు ఉందో లేదో ఫిఫా సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆటగాడితో ఏజెంట్ ఒప్పందం రెండేళ్లకి మించకూడదు. మెడికల్ పాసైతేనో, వర్క్ పర్మిట్ వస్తేనో కాంట్రాక్టు చెల్లుతుందని రాసుకోవడానికీ వీల్లేదు. అలాంటి కాగితం పంపితే సంతకం పెట్టకు.

మూడో జవాబు

ఒక్క మాట. మన సౌమ్య గుగులోత్, జ్యోతి చౌహాన్ 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది ట్రయల్స్ ఆడి నెగ్గాకే. నీ ఆట ఎవరూ చూడకుండానే చోటు ఖాయం అంటున్నాడంటే నాకైతే అనుమానమే.

అడిగిన తమ్ముడు

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. ఈమెయిల్ పెట్టేశాను. ఇక్కడికి వచ్చేముందు ఆగస్టులో పాత క్లబ్బుకి రెండు మ్యాచ్‌లు ఆడాను. జనవరిలో మారితే దానివల్ల ఇబ్బందేమైనా ఉంటుందా?

రెండో జవాబు రాసినవారు

ఈ సంగతి ముందే చెప్పాల్సింది! ఒక సీజన్లో మూడు క్లబ్బులకి రిజిస్టర్ కావచ్చు గానీ, అధికారిక మ్యాచ్‌లు ఆడగలిగేది రెండిటికే. నీ రెండూ అయిపోయాయి. సీజన్ల నెలలు వేరుగా ఉండే దేశాల మధ్య మారేవాళ్లకి కొంత మినహాయింపు ఉంది, అది వర్తించకపోతే జూన్ దాకా నువ్వు గ్యాలరీలోనే. అయితే కాంట్రాక్టు చివరి ఆరు నెలల్లో వచ్చే సీజన్ కోసం వేరే క్లబ్బుతో సంతకం చేసుకునే హక్కు నీకుంది, కాబట్టి జనవరి నుంచి మాట్లాడుకోవచ్చు. ఆ ఏజెంట్‌ని ఈ రెండు క్లబ్బుల నిబంధన గురించే అడుగు. తడబడితే ఫోన్ పెట్టెయ్.