స్లాబు ఇంకా పడలేదు: వంటింట్లో సీలింగ్ లైట్ల పాయింట్లు ఎక్కడ పెట్టించాలి?

ఖమ్మం_సొంతిల్లు:
స్లాబుకి సెంట్రింగ్ నడుస్తోంది. వంటగది 10 అడుగులు బై 8, ఎల్ ఆకారం గట్టు. ఫాల్స్ సీలింగ్ చేయిస్తే పైన బల్లులు, బొద్దింకలు చేరతాయని అమ్మ వద్దంటోంది. ఎలక్ట్రీషియనేమో మధ్యలో ఒక్క ట్యూబ్‌లైటు చాలంటున్నాడు. సీలింగులోకి దిగి ఉండే రౌండు లైట్లు పెట్టించాలని నా కోరిక. ఫాల్స్ సీలింగ్ లేకుండా కుదురుతుందా? ఎన్ని కావాలి, ఎన్ని వాట్లు?

వైరింగ్_బాబాయ్:
కుదురుతుంది. స్లాబులో ఉంచి పోసేసే ప్లాస్టిక్ బాక్సులు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. అయితే ముందు లైటు మోడల్ ఖాయం చేసుకోండి. డబ్బా మీద కటౌట్ సైజు, అంటే లైటు దూరడానికి కావలసిన రంధ్రం కొలత ఉంటుంది, బాక్సు దానికి సరిపోవాలి. స్లాబు పడ్డాక మార్చడం అంటే కాంక్రీటు కొట్టించడమే. బాక్సు కోసం కడ్డీలు కోయనివ్వకండి, రెండు కడ్డీల మధ్య సర్దించండి. ఇంజినీరుకీ ఒక మాట చెప్పండి. చిన్న బాక్సులో 15 వాట్ల లైటు ఇరికిస్తే గాలాడక డ్రైవర్ (ఎల్ఈడీకి తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగం) వేడెక్కి తొందరగా పోతుంది. 10 వాట్లు దాటొద్దు. డ్రైవర్ విడిగా వచ్చే రకమైతే రేపు అదొక్కటే మార్చుకోవచ్చు.

తాలింపు_డబ్బా:
ఎన్ని లైట్లనే దానికన్నా ఎక్కడ అనేదే అసలు సంగతి, తమ్ముడూ. లైటు గది మధ్యలో ఉంటే గట్టు దగ్గర నిలబడ్డవాళ్ల వీపు మీద వెలుతురు పడుతుంది, కూరగాయలు తరిగే పలక మీద వాళ్ల నీడ పడుతుంది. ఇరవై లైట్లు పెట్టినా అవి వెనకుంటే అంతే. గట్టు వెడల్పు 2 అడుగులుంటే లైటు సరిగ్గా గట్టు అంచు పైన, అంటే గోడ నుంచి దాదాపు 2 అడుగుల్లో రావాలి. పైన 1 అడుగు లోతు కప్‌బోర్డులు వస్తాయి కదా, వాటికీ తగలదు. సింకు పైన ఒకటి తప్పనిసరి. గిన్నెకి అంటుకున్న జిడ్డు కనబడేది అక్కడే. కప్‌బోర్డుల కింద ఎల్ఈడీ స్ట్రిప్పుకి ఒక వైరు కూడా ఇప్పుడే లాగించుకోండి. కందిపప్పులో రాళ్లు, బియ్యంలో పురుగులు ఏరాలంటే ఆ వెలుతురే పనికొస్తుంది.

డల్లాస్_తెలుగు:
ఇక్కడివి చెక్క దూలాలకి బిగించిన జిప్సం బోర్డు సీలింగులు కాబట్టి పని తేలిక. పల్చటి లైట్లు దూర్చి క్లిప్పులు వదిలేస్తే చాలు. అటకలో ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి దానికి తగిలినా ప్రమాదం లేని ఐసీ రేటింగ్ చూసి కొంటాం. మీకది అక్కర్లేదు. మీకు పనికొచ్చేది సీఆర్ఐ. రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె అది. మామూలువి 80 ఉంటాయి, వంటింటికి 90 తీసుకోండి. మా ఇంట్లో పాత లైట్ల కింద కారం ఇటుకపొడి రంగులో ఉండేది. 90వి బిగించాక ఉల్లిపాయ ఎప్పుడు దోరగా వేగిందో, ఎప్పుడు మాడబోతోందో స్పష్టంగా తెలుస్తోంది.

గట్టు_గ్రానైట్:
మీ గట్టు రాయి ఏది? చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ లాంటి నల్ల పాలిష్ రాయి అయితే సన్నటి ఫోకస్ వేసే సీఓబీ లైట్లు వద్దు. ప్రతి లైటూ రాయిలో చుక్కలా మెరిసి కళ్లలో గుచ్చుకుంటుంది. పాలరంగు మూత ఉండి వెలుతురు పరుచుకునేవి తీసుకోండి. తాలింపు పొగ జిడ్డు తుడవడానికీ ఆ నున్నటి మూతే మేలు. లోతుగా ఉండే రిఫ్లెక్టర్‌లో జిడ్డు చేరితే గుడ్డ లోపలికి పోదు.

ఖమ్మం_సొంతిల్లు:
నల్లదేనండి, చెప్పి మంచి పని చేశారు. తెల్ల లైటా, పసుపుదా?

తాలింపు_డబ్బా:
రెంటికీ మధ్యది, 4000 కెల్విన్. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తెల్లబడుతుంది. 6500 అయితే ఆసుపత్రి వార్డులా ఉంటుంది, 3000 అయితే పాలకూరలో వాడిన ఆకు కనబడదు.

వైరింగ్_బాబాయ్:
మా వైపు 6500 అడిగేవాళ్లే ఎక్కువ, పెద్దవాళ్ల కళ్లకి అదే బాగుంటుందంటారు. కొనే ముందు అమ్మగారిని షాపుకి తీసుకెళ్లి రెండూ వెలిగించి చూపించండి, వండేది ఆవిడే కదా. లెక్క మాత్రం వాట్లతో కాదు, లైటు ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పే ల్యూమెన్లతో చూడండి. ఒక్కోటి 900 నుంచి 1000 ఇచ్చేవి నాలుగు చాలు: పొడుగు గట్టు మీద రెండు, పొట్టి గట్టు మీద ఒకటి, సింకు పైన ఒకటి. ఫ్యాను పెడితే ఏ లైటూ రెక్కల పైకి రాకూడదు, నీడలు గిర్రున తిరిగి తల నొప్పి పుడుతుంది. స్టవ్ వైపుది, సింకుది ఒక స్విచ్చి మీద వేసి ఇన్వర్టర్ లైనుకి కలపండి, కరెంటు పోయినా వంట ఆగదు. కాంక్రీటు పోసే ముందు బాక్సుల నిండా థర్మాకోల్ కుక్కి, టేపు వేయించి, గోడల నుంచి ప్రతి బాక్సు దూరం టేపుతో కొలిచి ఫొటోలు తీసి ఉంచుకోండి. ప్లాస్టరింగులో ఏ బాక్సు మూసుకుపోయినా ఆ కొలతతోనే దొరుకుతుంది.