కాద్రి పోయాక మూడో లైన్ ఎవరిది?

అజాక్స్_సీనన్న:
మా బావమరిదికీ నాకూ దీని మీద మాటామాటా పెరిగింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. 2019 జూలై 1న మన ఐస్ హాకీ టీమ్ టొరంటో లీఫ్స్ వాళ్ళు సెంటర్ (ముగ్గురు ఫార్వర్డ్‌ల లైన్‌లో నడిమధ్య ఆడేవాడు) నజీమ్ కాద్రిని కొలరాడోకి పంపేసి, డిఫెన్స్ ఆడే టైసన్ బ్యారీనీ ఫార్వర్డ్ అలెక్స్ కర్‌ఫుట్‌నీ తెచ్చుకున్నారు కదా. కర్‌ఫుట్‌ని జనం అన్యాయంగా తిట్టారని వాడంటాడు. ఆ చోటు ఆ రోజు నుంచీ ఖాళీగానే ఉందని నేనంటాను. మూడు సంగతులు చెప్పండి. మూడో లైన్ సెంటర్‌గా కాద్రి, కర్‌ఫుట్ ఇద్దరిలో ఎవరు నయం? బ్యారీ బాగా ఆడి ఉంటే ఈ ట్రేడ్ గురించి ఇంత బాధపడేవాళ్ళమా? మూడోది, మావాడికి పన్నెండేళ్ళు, సెంటర్ ఆడతాడు, ఫేస్‌ఆఫ్‌లన్నీ (పక్ అనే రబ్బరు బిళ్ళని మంచు మీద వదిలి ఆట మొదలెట్టినప్పుడు దాని కోసం ఇద్దరు సెంటర్లు పడే పోటీ) ఓడిపోతున్నాడు. ఎవరి వీడియోలు చూపించమంటారు?

బ్రాంప్టన్_బుల్లెబ్బాయి:
పోలికేంటన్నా అసలు! కాద్రి 2021-22లో 71 ఆటల్లో 87 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) కొట్టాడు. అదే ఏడు కర్‌ఫుట్ టొరంటోలో ఆడిన అన్నిట్లోకీ మంచి సీజన్, 82 ఆటల్లో 51. అదీ సెంటర్‌లో కాదు, ఎక్కువగా తవారెస్, నైలాండర్ పక్కన వింగ్‌లో (లైన్ అంచున). కాద్రిని 2009 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వరసగా కుర్రాళ్ళని ఎంచుకునే చోటు) ఏడో పిక్‌గా తీసుకున్నాం. మన కళ్ళ ముందే పెరిగాడు, మన చేతే తిట్లు తిన్నాడు, 2016-17లో 32 గోల్స్, మరుసటేడు మళ్ళీ 32. పైగా అప్పటి కోచ్ బాబ్‌కాక్ అతన్నీ కొమరోవ్‌నీ కలిపి అవతలి టీమ్ మొదటి లైన్ మీదికి వదిలేవాడు. క్రాస్బీ వచ్చినా మెక్‌డేవిడ్ వచ్చినా ఎదురు దిగింది కాద్రే. ఏడాదికి 4.5 మిలియన్ డాలర్లకి అలాంటోడు మళ్ళీ దొరుకుతాడా? నాకింకా కడుపు రగులుతూనే ఉంది.

లెక్కల_మాస్టారు:
బుల్లెబ్బాయి గారూ, మీ బాధ సరే, పోలిక మాత్రం సరిగ్గా పెట్టండి. కొలరాడోలో కాద్రి మకిన్నన్ వెనక రెండో సెంటర్. ఇక్కడ మాథ్యూస్, తవారెస్ తర్వాత మూడోవాడు. అలా మూడోవాడిగా ఆడిన 2018-19లో అతనికి 16 గోల్స్, 44 పాయింట్లు. అదే ఏడు కొలరాడోలో కర్‌ఫుట్‌కి 15 గోల్స్, 42 పాయింట్లు. వయసులో నాలుగేళ్ళు చిన్న. ఆ రోజు జనరల్ మేనేజర్ డూబస్ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇంకోటి. డబ్బు మిగల్చడానికి కాద్రిని అమ్మేశారని ఎప్పటినుంచో ఒక మాట తిరుగుతోంది. అది తప్పు. కాద్రి 4.5 పోయింది. సగం జీతం కొలరాడో భరించాక బ్యారీ 2.75 అయ్యాడు, కర్‌ఫుట్ 3.5. కలిపితే 6.25. ఖర్చు పెరిగింది! జైట్సెవ్, హెయిన్సీ ఇద్దరూ పోయి కుడివైపు డిఫెన్స్ ఖాళీ అయింది, ఆ కంత పూడ్చడానికి చేసిన ట్రేడ్ ఇది.

నల్లగొండ_నాగన్న:
మాస్టారూ, లెక్కలు మంచిగనే ఉన్నయి గని అసలు ముచ్చట ఎవ్వలు ఎత్తుతలేరు. కాద్రిని పంపింది ఆ సస్పెన్షన్ అయినంకనే. 2019 ప్లేఆఫ్స్‌ల బోస్టన్ సిరీస్, రెండో ఆట. ముందుగాల బోస్టన్ ఆటగాడు డిబ్రస్క్ కాద్రికి మోకాలు తగిలిచ్చిండు, విజిల్ లేదు. అటెన్క మన మార్లోని బోర్డుకేసి గుద్దిండు, అప్పుడు గూడ విజిల్ లేదు. తోటి ఆటగాడిని కొడుతుంటే చూస్కుంట నిలవడాల్నా? కాద్రి పోయి ఎదురువడ్డడు. గంతే. దానికి మిగిలిన రౌండ్ మొత్తం బంద్ చేసిన్రు. అయిదు ఆటలు! ఏడో ఆట 5-1 ఓడిపోయినం. ఆయన ఉంటే ఆ సిరీస్ మనదే.

చారల_చొక్కా:
నాగన్న గారూ, నేను ఇక్కడ మైనర్ హాకీలో రెఫరీని. హాకీ కెనడా సర్టిఫికెట్ ఉంది, ఏటా క్లినిక్‌కి వెళ్ళి నిలబెట్టుకుంటాను. అందుకే చెబుతున్నా, ఎదురుపడటం కాదు అది. కర్రని రెండు చేతుల మధ్య అడ్డంగా పట్టి మనిషి మొహం మీదికి తోశాడు, క్రాస్‌చెక్ అంటారు దాన్ని. అక్కడ ఇచ్చిన మేజరూ (అయిదు నిమిషాల పెనాల్టీ), గేమ్ మిస్‌కండక్టూ (ఆట నుంచే బయటికి) రెండూ సరైనవే. ముందు మోకాలు తగిలిందా, మార్లోని గుద్దాడా అన్నవి వేరే కేసులు. విజిల్ రాలేదని ఆటగాడే శిక్ష వేసుకుంటే ఇక మేమెందుకు మంచు మీద? పైగా ఏడాది కిందటే, 2018లో, అదే బోస్టన్ మీద మొదటి ఆటలో వింగల్స్‌ని గుద్ది 3 ఆటలు కూర్చున్నాడు. చరిత్ర ఉన్నవాడికి ఎక్కువే పడుతుంది.

నల్లగొండ_నాగన్న:
పిల్లల ఆటకు విజిల్ ఊదుడు వేరు, ప్లేఆఫ్స్ వేరు సార్. ముందుగాల రెండు తప్పులు రెఫరీయి. అవి ఇడిసిపెట్టి మూడోది వట్టుకుంటరా? ఆయన గుస్సకు కారణం ఎవ్వలు?

చారల_చొక్కా:
పిల్లల ఆట అని తీసిపారేయకండి. పదిహేనేళ్ళ పిల్లాడు కర్ర దెబ్బకి మొహం పట్టుకుని కూలబడితే ముందు పరిగెత్తేది మేమే. ఆ తర్వాత స్టాండ్స్‌లోంచి తల్లిదండ్రులు మా మీద అరిచే అరుపులు కూడా మేమే వింటాం. "కాద్రి చేస్తే హీరో, మావాడు చేస్తే పెనాల్టీనా" అని నన్ను నిలదీసిన తండ్రి ఉన్నాడు. మీరు రాసిన మాటలు సరిగ్గా అలాగే ఉన్నాయి.

వూస్టర్_వాసు:
బోస్టన్ బ్రూయిన్స్ అభిమానిగా ఒక్క మాట. కాద్రి లేకపోతేనే ఓడిపోయామనకండి. ఆయన బయట కూర్చున్నాక కూడా మూడో ఆట, అయిదో ఆట మీరే గెలిచారు, 3-2తో ముందున్నారు. ఆరో ఆట మీ గడ్డ మీదే. అప్పుడు ముగించలేకపోవడం కాద్రి తప్పు కాదు, రెఫరీ తప్పూ కాదు.

నల్లగొండ_నాగన్న:
బోస్టనోళ్ళు గూడ అచ్చి నీతులు చెప్పవట్టిరి. డిబ్రస్క్ మోకాలు గురించి నువ్వు ఒక్క ముక్క రాయలే, వాసూ. అది రాసినంక మాట్లాడు.

వూస్టర్_వాసు:
రాస్తున్నా. ఆ మోకాలికి రెండు నిమిషాల పెనాల్టీ ఇవ్వాల్సిందే. అయినా కర్రతో మొహం మీద కొట్టొద్దు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు నాగన్నా. గొంతు పెంచినంత మాత్రాన రీప్లే మారదు.

బ్రాంప్టన్_బుల్లెబ్బాయి:
వాసూ, లీఫ్స్ వాళ్ళు మాట్లాడుకుంటుంటే నీకేం పని? కాద్రి కూర్చున్నాక మూడో సెంటర్‌గా ఎవర్ని పెట్టారో తెలుసా? నైలాండర్‌ని. వింగ్‌లో ఎగిరి ఆడేవాడిని నడిమధ్యకి తెచ్చి కట్టేశారు. ఒక్క మనిషి పోతే రెండు లైన్లు చెడ్డాయి. సెంటర్ విలువ అదీ. చొక్కా గారూ, మీ రూల్ పుస్తకంలో అది ఉండదు.

డెన్వర్_దుర్గ:
అన్నయ్యలూ, మీరు 2019 దగ్గరే ఆగిపోయారు. మా కొలరాడో వాళ్ళకి కాద్రి అంటే 2022. సెయింట్ లూయిస్ సిరీస్ మూడో ఆటలో వాళ్ళ గోలీ బిన్నింగ్టన్‌తో ఢీకొన్నాక ఆయనకి ఎంత అసహ్యమైన బెదిరింపులు వచ్చాయో గుర్తుందా? మతం మీద, జాతి మీద. నాలుగో ఆటకి అదే ఊళ్ళో దిగి హ్యాట్రిక్ కొట్టాడు. టీవీ ముందు నేను ఏడ్చేశాను, దాచుకోను.

తర్వాత ఎడ్మంటన్ సిరీస్‌లో ఎవాండర్ కేన్ వెనక నుంచి బోర్డుకి తోస్తే బొటనవేలు విరిగింది, సర్జరీ చేశారు. ఇక ఆ ఏడాదికి అంతే అనుకున్నాం. స్టాన్లీ కప్ (లీగ్ విజేతల కప్పు) ఫైనల్ నాలుగో ఆటకి టాంపాలో దిగాడు. ఓవర్‌టైమ్‌లో కొట్టిన ఆ షాట్ మళ్ళీ పెట్టుకుని చూడండి. పక్ పైన వలలో ఇరుక్కుపోయింది. గోల్ అయిందని ఎవరికీ తెలియదు, అందరూ మంచు మీద పక్ వెతుకుతున్నారు. ఒక రెండు క్షణాలు బిల్డింగ్ మొత్తం నిశ్శబ్దం, ఆ తర్వాత మా వాళ్ళు బెంచ్ మీంచి దూకారు. స్టాన్లీ కప్ మీద పేరు ఎక్కిన మొదటి ముస్లిం ఆయనే. ఆ కప్పుని తన ఊరు, అంటారియోలోని లండన్‌లో మసీదుకి తీసుకెళ్ళాడు. ప్లేఆఫ్స్‌లో పనికిరాడన్న వాళ్ళకి గెలిచిన రాత్రే మైక్ ముందు జవాబిచ్చాడు కూడా.

చారల_చొక్కా:
దుర్గ గారూ, మధ్యలో 2021 వదిలేశారు. అదే సెయింట్ లూయిస్ మీద, ఫాల్క్ తలకి తగిలేలా గుద్ది 8 ఆటలు. అప్పీల్ చేసినా తగ్గలేదు. ఆయన లేకుండానే మీరు వేగస్ చేతిలో ఓడిపోయారు. నాలుగేళ్ళలో మూడు ప్లేఆఫ్స్‌లో సస్పెన్షన్. నేనైతే మనిషిని ద్వేషించడం లేదు, 2022లో ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడినప్పుడు చప్పట్లు కొట్టాను. కానీ 2019లో టొరంటో వాళ్ళకి 2022 తెలియదు.

మిస్సిసాగా_మాధవి:
ఆ పిల్లాడి ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. సీనన్న గారూ, మా అమ్మాయి కూడా సెంటరే. ఫేస్‌ఆఫ్‌కి వీడియోల కంటే ముందు చెయ్యి సరిచేయించండి. కింది చెయ్యిని బ్లేడు వైపు బాగా కిందికి జార్చి, అరచెయ్యి తిప్పి పట్టుకోవాలి. అప్పుడు పక్‌ని వెనక్కి లాగడానికి బలం వస్తుంది. చూపు పక్ మీద కాదు, పక్ వదిలే లైన్స్‌మన్ చేతి మీద ఉండాలి. పక్ వేళ్ళు వదిలే ముందు మణికట్టు కొంచెం కదులుతుంది, దాన్నే పట్టుకోవాలి. మా అమ్మాయికి కోచ్ గరాజ్‌లోనే ఇది నేర్పించమన్నాడు. నేను పక్ వదిలేదాన్ని, అది లాగేది. ఇక కాద్రి వీడియోల్లో భుజం చూపించండి. కర్ర కంటే ముందు భుజంతో అవతలివాడి దారి మూసేస్తాడు.

అజాక్స్_సీనన్న:
చాలా థాంక్స్ మాధవి గారూ. ఈ శనివారమే మొదలెడతాను. గ్లవ్స్ మాత్రం మళ్ళీ కొనాలి, అరచెయ్యి అరిగిపోయింది. ఈ ఏడు రిజిస్ట్రేషన్ కూడా పెంచారు.

గ్వెల్ఫ్_గోపి:
గ్లవ్స్ కొత్తవి కొనకండి అన్నా. ఎదిగే పిల్లలకి వాడినవే చాలు, ఒక్క హెల్మెట్ మాత్రం కొత్తది తీసుకోండి. ఫీజుల సంగతి ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. మా లీగ్‌లో టోర్నమెంట్‌కి వేరే, జెర్సీకి వేరే, ఐస్ టైమ్‌కి వేరే. అడిగితే సమాధానం లేదు. పొద్దున్నే ఆరింటికి రింక్, రాత్రి షిఫ్ట్ చేసొచ్చి నిద్ర లేకుండా లేసులు కట్టే తండ్రులు ఎంతమందో. మన పిల్లలు ఈ ఆటలో నిలవాలంటే ఇది మారాలి.

హార్వర్డ్_హరి:
మళ్ళీ విషయానికి రండి. కర్‌ఫుట్ తరఫున ఒక్కడైనా మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడతాను. హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆడి వచ్చినవాడు. టొరంటోలో అతనికి ఒక చోటంటూ లేదు. ఈ వారం మూడో సెంటర్, వచ్చే వారం రెండో లైన్ ఎడమ వింగ్, మధ్యలో పెనాల్టీ కిల్ (మనవాడొకడు శిక్షలో కూర్చున్నప్పుడు అవతలివాళ్ళని ఆపడం). 2021లో మాంట్రియల్ మీద మొదటి ఆటలోనే తవారెస్ పడిపోతే రెండో లైన్ నడిమధ్య నిలబడింది ఎవరు? గల్చెన్యుక్‌నీ నైలాండర్‌నీ పెట్టుకుని లాక్కొచ్చింది కర్‌ఫుటే. ఆ ఎండాకాలం కాంఫ్‌ని తెచ్చి మూడో సెంటర్ పని అతనికి అప్పగించారు. అంటే కాద్రి చోటులో కర్‌ఫుట్‌ని కుదురుగా ఆడనిచ్చింది రెండేళ్ళు కూడా లేదు. 2021-22లో, 2022-23లో మొత్తం 82 ఆటలూ దిగాడు, ఒక్కటీ మానలేదు.

ఇక 2023 టాంపా సిరీస్, నాలుగో ఆట. మూడో పీరియడ్‌లో 4-1 వెనక ఉన్నాం. మాథ్యూస్ రెండు, రైలీ ఒకటి, సమం. ఓవర్‌టైమ్ పవర్‌ప్లేలో (అవతల ఒకడు తక్కువున్నప్పుడు) జియోర్డానో కొట్టిన షాట్‌కి కర్ర అడ్డం పెట్టి లోపలికి తిప్పింది కర్‌ఫుట్! అదే టాంపా, అదే బిల్డింగ్, అదే నాలుగో ఆట, అదే ఓవర్‌టైమ్, గోల్‌లో అదే వాసిలెవ్‌స్కీ. కాద్రి కొడితే చరిత్ర, ఇతను కొడితే ఎవరికీ గుర్తుండదా? ఆ గోల్ లేకపోతే 2004 తర్వాత మనం గెలిచిన మొదటి సిరీస్ గెలిచేవాళ్ళం కాదు.

బ్రాంప్టన్_బుల్లెబ్బాయి:
హరీ, గుర్తుంది, ఆ రాత్రి మా వీధంతా హారన్లు కొట్టాం. కానీ ఒకటి ఫైనల్, ఇంకోటి మొదటి రౌండ్. ఒకటి విరిగిన వేలితో సొంతంగా లాక్కెళ్ళి కొట్టింది, ఇంకోటి తగిలి తిరిగింది.

హార్వర్డ్_హరి:
తగిలి తిరగలేదు! నెట్ ముందు డిఫెన్స్ వాళ్ళ దెబ్బలు తింటూ నిలబడి, గాల్లో వచ్చే పక్‌కి కర్ర ఆనించడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకి తెలుసు. ఇంత చేసినా ఆ ఎండాకాలం ఒప్పందం అయిపోగానే పోనిచ్చారు, అరిజోనా తీసుకుంది. నిలబెట్టుకోని టీమ్‌ని అనండి, మనిషిని కాదు.

అజాక్స్_సీనన్న:
బ్యారీ గురించి ఎవరైనా చెబుతారా?

లెక్కల_మాస్టారు:
బాబ్‌కాక్ ఉన్నన్నాళ్ళూ అతన్ని ముందుకి వెళ్ళనివ్వలేదు. నవంబర్‌లో కోచ్ మారి కీఫ్ వచ్చిన మొదటి ఆటలోనే గోల్ కొట్టాడు. అయినా ఏడాదికే ఎడ్మంటన్ వెళ్ళిపోయాడు. కాద్రి ఒప్పందం ఇంకా మూడేళ్ళుంది, బ్యారీది ఒక్క ఏడాదే. నేను తప్పుపట్టేది అక్కడ. కర్‌ఫుట్‌ని కాదు.

నల్లగొండ_నాగన్న:
మాస్టారూ, ఇంకో సంగతి. కొలరాడోకు పంపకముందు కాల్గరీ ట్రేడ్‌ని కాద్రే వద్దన్నడు, వద్దనే హక్కు కాంట్రాక్టుల ఉండె. టొరంటోల ఉండాల్నని. అది అయితే డిఫెన్స్ ఆడే బ్రోడీ అచ్చేటోడని అప్పట్ల వార్తలు. ఉంటనన్న మనిషిని ఎళ్ళగొట్టిన్రు. గందుకే సస్పెన్షన్ ముచ్చట ఇడుస్తలేను.

చారల_చొక్కా:
అదే కాల్గరీకి 2022లో తనంతట తనే 7 ఏళ్ళకి సంతకం పెట్టాడు, ఏడాదికి 7 మిలియన్లు. టొరంటో మీద ప్రేమ నిజమే కావచ్చు నాగన్న గారూ. క్రాస్‌చెక్ మాత్రం క్రాస్‌చెకే.

నల్లగొండ_నాగన్న:
మోకాలు గూడ మోకాలే సార్. రెండో ఆట మొత్తం పెట్టుకోని చూడున్రి, ఆ ఒక్క క్లిప్ కాదు. చూసినంక మల్ల ఈడనే మాట్లాడుకుందాం.