ఎమ్మెస్సీ ఎర్త్ సిస్టమ్స్, క్లైమేట్ చదివినవాళ్ళు ఉన్నారా? గోదారి జిల్లాల వాళ్ళైతే మరీ మంచిది

లంకబాబు:
మాది పి.గన్నవరం అవతల లంక ఊరండి. బీఎస్సీ మాథ్స్ ఫిజిక్స్, ఈ ఏడాదితో అయిపోద్ది. 2022 జులై వరదకి మా ఇంటి అరుగు మునిగి పాలకీ మందులకీ పడవెక్కి తిరిగాం, అప్పట్నుంచీ ఈ చదువు మీదే ధ్యాస. నాన్నేమో వరద చూడ్డానికి యూనివర్సిటీ ఎందుకురా ఏటిగట్టు మీద కూచుంటే కనపడద్ది కదా అంటారు. అసలు అందులో ఏం చెప్తారు, తర్వాత ఉద్యోగం ఉంటుందా, ఉన్నదున్నట్టు చెప్పండి.

కాలవగట్టు:
ముందు ఒక భ్రమ వదిలించుకో తమ్ముడూ. మొక్కలు నాటడం, ప్లాస్టిక్ వద్దు అని బ్యానర్ పట్టుకోడం కాదు ఈ కోర్సు. మొదటి సెమిస్టర్‌లోనే గాలి, నీరు ఎలా కదులుతాయో చెప్పే ఈక్వేషన్లు, స్టాటిస్టిక్స్, పైథాన్. మా బ్యాచ్‌లో బైపీసీ నుంచి వచ్చినవాళ్ళు దసరా సెలవులకి కూడా ఇంటికెళ్ళకుండా కూచుని నేర్చుకున్నారు పాపం. నీకు మాథ్స్ ఉంది కాబట్టి సగం గండం గడిచినట్టే.

ఉప్పుగాలి:
నా ప్రాజెక్ట్ సంగతి చెప్తా, దాన్నిబట్టి నీకే అర్థమవుద్ది. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరం ఎంత కోసుకుపోయిందో పాత లాండ్‌శాట్ శాటిలైట్ బొమ్మలు పెట్టి లెక్కగట్టాలి, బొమ్మలన్నీ ఫ్రీయే, వాటి మీద మ్యాపు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీయే. రెండు నెలలు కూచుని గీతలు గీసి, కోరంగి కింద మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇంత నేల పోయింది అని గర్వంగా తీసుకెళ్ళి చూపించా. మా గైడ్ మేడమ్ ఒక్కటే అడిగారు, ఈ బొమ్మ తీసినప్పుడు పోటా పాటా అని. నోట మాట లేదు నాకు. శాటిలైట్ ఎప్పుడూ పొద్దున్న పదింటి ప్రాంతంలోనే వస్తుంది గానీ పోటు రోజూ అదే టైమ్‌కి రాదు కదా, దాదాపు యాభై నిమిషాలు జరుగుతా ఉంటుంది. అక్కడంతా చదును బురదనేల, పోటుకీ పాటుకీ నీటి అంచు ఎక్కడెక్కడికో పోద్ది, నేను పోయిందన్న నేలలో చాలావరకు పోలేదు, నీళ్ళ కింద ఉంది అంతే. పైగా ఒక్కో పిక్సెల్ 30 మీటర్లు, ఏడాదికి ఐదారు మీటర్లు పోతే అది ఆ బొమ్మలో కనపడనే కనపడదు. మళ్ళీ మొదట్నుంచీ నీటి అంచు వదిలేసి మొక్కలు మొదలయ్యే గీత పట్టుకుని చేశా.

ఇంకోటి, ఉప్పాడ ఎందుకు కోతకి గురవుతుంది అంటే ఒక్క కారణం రాసుకెళ్తే వైవాలో ఉతికేస్తారు. పైన జైక్వాడి, శ్రీరాంసాగర్ లాంటి డ్యాముల్లో వండ్రు ఆగిపోవడం, హోప్ ఐలండ్ దిబ్బ పెరిగి అలల దిశ మారడం, హార్బర్ కట్టడాలు, తుపాన్లు, అన్నీ కలిసి ఉంటాయి. నాసిక్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు వచ్చే ఏటిలో పైన చేసిన పని కింద మన ఇసకలో తేలుద్దన్నమాట, సిస్టమ్ అన్న మాట నాకు అక్కడే ఎక్కింది, క్లాసులో కాదు.

యానాం రేవు:
అన్నీ చెప్పి గ్యాస్ సంగతి వదిలేశారే? కింద నుంచి ఇన్నేళ్ళుగా తోడితే నేల కుంగదా? మా పెదనాన్న 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలు మండటం కళ్ళారా చూశారు.

ఉప్పుగాలి:
బావి మండటం వేరు, నేల కుంగటం వేరండి. కుంగచ్చు, కానీ డెల్టా మట్టి దాని బరువుకి అదే అణుగుతుంది, బోర్ల నీళ్ళు తోడినా అణుగుతుంది, ఏది ఎంత అనేది విడదీయడమే కష్టం. ప్రపంచంలో 33 డెల్టాల మీద 2009లో వచ్చిన పేపర్‌లో మన గోదారి కూడా ఉంది, దొరికితే చదవండి. సముద్రం లేచినా నేల దిగినా పోటు కొలిచే గేజ్‌లో ఒకేలా కనపడుద్ది, ఆ రెండూ విడగొట్టడానికి జీపీఎస్ స్టేషన్లు, రాడార్ బొమ్మలు కావాలి.

దాళ్వా:
నేను వరి చేలోంచి వచ్చే మీథేన్ కొలిచా, భూమిని వేడెక్కించే గ్యాస్ అది. చెప్తే నవ్వుతారు, డబ్బా బోర్లించి సిరంజితో గాలి లాగడమే పని, పది నిమిషాలకోసారి, మోకాలి లోతు బురదలో. నీళ్ళు నిలవుంటే మట్టికి గాలందదు, అప్పుడు మీథేన్ చేసే సూక్ష్మజీవులకి పండగ. మధ్యలో చేను ఆరబెట్టి మళ్ళీ తడిపితే తగ్గుద్ది. పుస్తకంలో ఇంతే ఉంటుంది. మా మావయ్య చేను చూపించి ఆరబెట్టు మావయ్యా అంటే, ఎలా ఆరబెట్టనే, పై చేను నీళ్ళు నా చేలోంచే మురుగుకాలవకి పోవాలి అన్నాడు. కాలవ పూడిపోయి సార్వాలో నీళ్ళు దిగవు, 2011లో కోనసీమలో క్రాప్ హాలిడే అని పంట వెయ్యడం మానేసినప్పుడు రైతులు చెప్పిన బాధల్లో ఇదీ ఒకటి. నా థీసిస్‌లో బాగా వచ్చిన చాప్టర్ మీథేన్‌ది కాదు, మురుగుకాలవలది.

లంకబాబు:
అక్కా సూపర్. ఉద్యోగాల సంగతి ఎవరూ చెప్పట్లేదేంటండీ 😀

కాలవగట్టు:
చెప్పడానికి తక్కువుంది కాబట్టి. గవర్నమెంటు పోస్టులు ఎప్పుడో గానీ పడవు. లెక్చరర్ అర్హతకీ రీసెర్చ్ ఫెలోషిప్‌కీ పెట్టే నెట్ పరీక్ష రాయచ్చు, నీకైతే సీఎస్‌ఐఆర్ వాళ్ళ ఎర్త్ సైన్సెస్ పేపర్, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ అయితే యూజీసీ నెట్‌లో ఉంది, కలిపేసుకోకు. జేఆర్‌ఎఫ్, అంటే ఆ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 స్టైపెండ్. ప్రైవేట్‌లో, స్టాక్ మార్కెట్‌ని చూసే సెబీ వాళ్ళు లిస్టెడ్ కంపెనీల్లో పెద్ద వెయ్యింటికి సస్టైనబిలిటీ రిపోర్టు (పర్యావరణం లాంటి వాటి మీద లెక్క చెప్పే రిపోర్టు) తప్పనిసరి చేశాక కన్సల్టింగ్ వాళ్ళు తీసుకుంటున్నారు, కానీ ఎక్సెల్ షీట్లు నింపే పనే ఎక్కువ, నేను ఏడాదిన్నర చేసి మానేశా. కోడింగ్, జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల పని) వచ్చినవాడు మాత్రం ఖాళీగా ఉండడం నేను చూళ్ళేదు. సీట్లకైతే ఆంధ్రా యూనివర్సిటీలో మీటియరాలజీ ఓషనోగ్రఫీ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూమి, సముద్రం, వాతావరణం కలిపిన సెంటర్ ఉంది, ఐఐటీలకి జామ్ అనే ఎంట్రన్స్ రాయాలి.

లంకబాబు:
నాన్నకి స్టైపెండ్ అంకె చెప్పా, ఇంకోసారి చెప్పు అన్నారు. ఆదివారం ఫ్రెండ్స్‌తో ఉప్పాడ వెళ్తున్నా, ఫోన్ జీపీఎస్‌తో తీరం వెంట నడిచి గీత తీద్దామని. పోటు గొడవ తప్పించుకోడానికి ఏమైనా చిట్కా ఉందా అన్నా?

ఉప్పుగాలి:
అన్నా కాదు, అక్కా 🙂 క్యాలెండర్లో తిథి చూసుకో. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా ఎక్కుద్ది, పాటు బాగా దిగుద్ది. అష్టమి, నవమి అయితే రెంటికీ పెద్ద తేడా ఉండదు. ఈ ఆదివారం ఏంటో చూడు, అమావాస్య దగ్గర్లో ఉంటే వారం ఆగి వెళ్ళు.