కొత్త క్లినిక్, ఆన్‌లైన్‌లో నమ్మకమైన పేరు: ఏజెన్సీ ప్యాకేజీ తీసుకోవాలా?

ఖమ్మం_ఫిజీషియన్:

అందరికీ నమస్కారం. నాది ఎండీ జనరల్ మెడిసిన్. ఖమ్మంలో సొంత క్లినిక్ మొదలుపెడుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది షుగర్, బీపీ, థైరాయిడ్ పేషెంట్లే ఉంటారు. ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ ప్యాకేజీ చెప్పింది. అందులో ఉన్నవి: ప్రతి నెలా రీల్స్, గూగుల్‌లో ఫైవ్ స్టార్ రివ్యూలు, "ఖమ్మం నంబర్ వన్ డయాబెటాలజిస్ట్" పేరుతో పేజీ, తగ్గిన పేషెంట్ల చేత మాట్లాడించిన వీడియోలు. ఇందులో మెడికల్ కౌన్సిల్ నిబంధనలకు లోబడి చేయగలిగేది ఎంత? ఇవేవీ లేకుండా కొత్త డాక్టర్‌ని జనం ఎలా నమ్ముతారు? వారంలో ఆదివారం పూట రెండు మూడు గంటలకు మించి దీనికి టైమ్ పెట్టలేను. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

మెడికో_లీగల్_కాకినాడ:

డాక్టర్ గారూ, ఆ నాలుగింటిలో మూడు మీ రిజిస్ట్రేషన్ మీదకి వచ్చేవే. రీల్స్ ఒక్కటే, అందులో ఏం చెబుతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు అమల్లో ఉన్నవి 2002 నాటి వృత్తి నియమావళి నిబంధనలే. 2023 ఆగస్టు 2న కొత్తవి నోటిఫై చేసి, అదే నెల 23న నిలిపేశారు. 2002 నిబంధనల్లో 6.1 ప్రకారం పేషెంట్లను రాబట్టుకోవడానికి ఏ రూపంలో ప్రచారం చేసుకున్నా తప్పే. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: క్లినిక్ బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద సొంత ఫోటో వేసుకోవడం కూడా స్వీయ ప్రచారం కిందకే వస్తుంది. మన ఊళ్లలో సగం ఫ్లెక్సీలు అలాగే ఉంటాయి. పక్క డాక్టర్ వేసుకున్నాడు కదా అన్నది కౌన్సిల్ ముందు సమాధానం కాదు.

చేయగలిగినవీ అక్కడే రాసి ఉన్నాయి. ప్రాక్టీస్ మొదలుపెట్టినప్పుడు, అడ్రస్ మారినప్పుడు, కొన్నాళ్లు సెలవులో ఉన్నప్పుడు, తిరిగి వచ్చినప్పుడు పత్రికలో మామూలు ప్రకటన ఇవ్వొచ్చు. ఫీజు బహిరంగంగా చెప్పొచ్చు. ప్రజారోగ్యం, పరిశుభ్రమైన జీవనం లాంటి విషయాల మీద సొంత పేరుతో రాయొచ్చు, మాట్లాడొచ్చు. మీ ఆన్‌లైన్ పనంతా ఈ గీత లోపలే కట్టుకోండి. "షుగర్ పడిపోతే ఏం చేయాలి" గీతకు లోపల ఉంది. "నా దగ్గరికి వస్తే మూడు నెలల్లో షుగర్ తగ్గిస్తాను" బయట ఉంది. పైగా 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో, అంటే నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో, డయాబెటిస్ ఉంది. మందుతో నయం చేస్తామనే ప్రకటన ఆ చట్టం కింద నేరమవుతుంది.

"డయాబెటాలజిస్ట్" అనే మాట వద్దే వద్దు. ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టుని అని చెప్పుకోకూడదని అదే 2002 నిబంధనల్లో 7.20 చెబుతుంది. సర్టిఫికెట్ కోర్సు చేసి ఉన్నా "ఎండీ జనరల్ మెడిసిన్" అనే రాయండి. పీజీ డిగ్రీని కౌన్సిల్‌లో అదనపు అర్హతగా ఎక్కించారో లేదో ఇప్పుడే చూసుకోండి. ఎక్కించకపోతే మీ పేరు వెతికినవాళ్లకి ఎంబీబీఎస్ మాత్రమే కనిపిస్తుంది.

పేషెంట్ వీడియోల గురించి గట్టిగా చెబుతున్నాను, తీయకండి. మందు రాసే డాక్టర్ కెమెరా ముందు కూర్చోమంటే పేషెంట్ కాదనలేడు. సంతకం పెట్టించుకున్నా అది మనస్ఫూర్తిగా ఇచ్చిన అనుమతి కాదు. నిలిపేసిన 2023 నిబంధనలు కూడా లైకులు, ఫాలోవర్లు కొనడాన్ని, వెతుకులాటలో పైన రావడానికి డబ్బు కట్టడాన్ని తప్పుపట్టాయి. రేపు మళ్లీ కొత్త నిబంధనలు వస్తే ఏ దారిలో ఉంటాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

లోకల్_లిస్టింగ్స్_విజయవాడ:

సార్, గూగుల్ సంగతి నేను చెబుతాను. కొత్త క్లినిక్‌కి వెబ్‌సైట్ కన్నా ముందు కావాల్సింది బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్ మ్యాప్‌లో మీ క్లినిక్ వివరాలు చూపించే పేజీ. అందులో పేరు మీ బోర్డు మీద ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే పెట్టండి. పేరు పక్కన "బెస్ట్ షుగర్ డాక్టర్ ఖమ్మం" అని తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావొచ్చు. అలా అయితే అప్పీల్ తేలేదాకా మ్యాప్‌లో మీరు కనిపించకపోవచ్చు.

వెరిఫికేషన్‌కి చాలాసార్లు వీడియో అడుగుతారు. కట్ చేయకుండా ఒకే షాట్‌లో తీయాలి: వీధిలో చుట్టుపక్కల గుర్తులు, మీ బోర్డు, తర్వాత తాళం తీసి లోపలికి వెళ్లడం, లోపల మీ గది. బోర్డు ఇంకా పెట్టకుండా తీసినా, పేషెంట్ల ముఖాలు పడినా తిరస్కరిస్తారు. బోర్డు బిగించాకే అప్లై చేయండి.

పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, టైమింగ్స్ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ మీద ఒక నంబర్, గూగుల్‌లో ఇంకొకటి, ఫేస్‌బుక్‌లో పాత ఆస్పత్రి అడ్రస్ ఉంటే పేషెంట్‌కి మొదటి అనుమానం అక్కడే మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ నంబర్ కూడా అంతే. ప్రిస్క్రిప్షన్ మీద, రసీదు మీద ఎలాగూ ఉండాలి. దాన్నే వెబ్‌సైట్‌లో, యూట్యూబ్ అబౌట్‌లో పెట్టి, కౌన్సిల్ సైట్‌లో ఎలా చూసుకోవాలో ఒక లైను రాయండి. ఫీజు, రిపోర్టులు చూపించడానికి ఎన్ని రోజుల్లోపు వస్తే మళ్లీ ఫీజు ఉండదు, ఆదివారం ఉంటారా లేదా, ఇవీ పెట్టండి. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగేది ఇదే.

కొన్న రివ్యూలు దొరికిపోతాయి. ఒకే వారంలో గుంపుగా పడతాయి. పెట్టిన ప్రొఫైల్ తెరిస్తే అదే వారం జైపూర్‌లో మార్బుల్ షాపుకి, కొచ్చిలో రిసార్టుకి కూడా రివ్యూ రాసి ఉంటుంది. గూగుల్ పట్టుకుంటే అవి తీసేయడంతో ఆగదు. కొన్నాళ్లు కొత్త రివ్యూలు రాకుండా ఆపేస్తుంది, ఫేక్ రివ్యూలు తీసేశామని మీ ప్రొఫైల్ మీదే నోటీసు పెట్టొచ్చు. డిస్కౌంట్ ఇచ్చి రాయించుకోవడం, బాగుందన్నవాళ్లకే లింక్ పంపడం కూడా వాళ్ల పాలసీకి విరుద్ధం. రివ్యూలు అడగొద్దు. వచ్చినవి వస్తాయి.

చెడ్డ రివ్యూకి జవాబు రాసేటప్పుడే ఎక్కువమంది దెబ్బతింటారు. "మీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 11 ఉంది, మందులు సరిగ్గా వేసుకోలేదు" అని రాశారంటే రివ్యూ రాసినామె మీ పేషెంట్ అని, ఆమెకు షుగర్ అని ఊరంతటికీ చెప్పినట్టే. ఇలా రాయండి: "మీకు ఇబ్బంది కలిగినందుకు విచారిస్తున్నాం. ఎవరి వైద్య వివరాలూ ఇక్కడ మాట్లాడం. ఉదయం 10 నుంచి 1 లోపు క్లినిక్ నంబర్‌కి ఫోన్ చేయండి, విని సరిచేస్తాం." చదివే మూడో మనిషి మీ నిగ్రహాన్ని చూస్తాడు.

షుగర్_ఎడ్యుకేటర్_వరంగల్:

పై ఇద్దరూ చెప్పినవి పునాది. నమ్మకం మాత్రం మీరు చెప్పే విషయం వల్లే పెరుగుతుంది, అదీ ఒకే విషయం మీద నిలబడితేనే. గుండె, కిడ్నీ, జుట్టు రాలడం అన్నీ పట్టుకోకండి. ఓపీలో పదేపదే వచ్చే ప్రశ్నలు నర్సు గారి చేత ఒక నోట్‌బుక్‌లో రాయించండి, పేర్లు లేకుండా. నెల తిరిగేసరికి ఆరు నెలలకు సరిపడా టాపిక్స్ ఉంటాయి. వారానికి ఒక్క వీడియో చాలు, నాలుగైదు నిమిషాలు, ఒక వీడియోలో ఒకే ప్రశ్న. ఆదివారం కూర్చుంటే నాలుగు రికార్డు చేయొచ్చు.

ఇన్సులిన్ నిల్వ మీద ఒకటి చేస్తారనుకోండి. "ఇన్సులిన్ చల్లగా ఉంచండి" అంటే ఎవరికీ పనికిరాదు. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టినది కరిగాక కూడా వాడకూడదు. వాడుతున్నది చాలా రకాలకు బయట 28 రోజుల దాకా ఆగుతుంది, కానీ డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత దాటకూడదు. కొత్తగూడెం, రామగుండం ఎండల్లో గది వేడి ఆ హద్దు దాటుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాని మధ్య చిన్న కుండ పెట్టి, పెన్నును కవర్లో చుట్టి అందులో ఉంచి, తడిగుడ్డ కప్పాలి. ఇసుక ఆరకుండా పూటపూటా నీళ్లు చల్లాలి. బస్సులో వెళ్తే డ్యాష్‌బోర్డు మీద, కిటికీ పక్కన పెట్టొద్దు. ఆ కుండను కెమెరాలో దగ్గరగా చూపించండి. ఇలాంటి వీడియోను చూసినవాళ్లు అత్తగారికి, మేనమామకి ఫార్వర్డ్ చేస్తారు. ప్రచారం అన్న ఫిర్యాదుకీ ఇందులో చోటు లేదు.

టైటిల్‌లో మధుమేహం కాదు, "షుగర్" అని పెట్టండి, జనం వెతికేది ఆ మాటతోనే. మందుల కంపెనీ పేర్లు పలకొద్దు, జెనెరిక్ పేరే చెప్పండి. వివరణలో తేదీ, చివరిసారి సరిచూసిన నెల రాయండి. తర్వాత ఏదైనా మారితే వీడియో మాయం చేయకుండా, ఏం మారిందో పైన పిన్ చేసిన కామెంట్‌లో చెప్పండి. తప్పయితే, అదీ ప్రమాదకరమైతే మాత్రం వెంటనే తీసేసి కొత్తది పెట్టండి. ఖర్చు విషయానికొస్తే మీ ఫోన్, ఒక కాలర్ మైక్, ముఖం మీద పడే కిటికీ వెలుతురు చాలు. ఫ్యాన్ ఆపండి. చిత్రం మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే వెళ్లిపోతారు.

కామెంట్లలో "నాకు 240 ఉంది, ఏ మాత్ర వేసుకోవాలి" అని తప్పకుండా అడుగుతారు. డోసు రాయకండి. ఎవరో, వయసెంతో, కిడ్నీ ఎలా ఉందో తెలియకుండా ఇచ్చేది వైద్యం కాదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం సంప్రదింపు అంటే పేషెంట్ ఎవరో తెలియాలి, రికార్డు ఉంచాలి. వాంతులు, ఆయాసం, మగత ఉంటే వెంటనే దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లమని రాయండి. లేదంటే చూపించుకుంటున్న డాక్టర్‌ని కలవమనండి. మన దగ్గరికి రమ్మనకండి.

ఖమ్మం_ఫిజీషియన్:

చాలా ఉపయోగపడింది, అందరికీ థ్యాంక్స్. ఏజెన్సీకి వద్దని చెబుతున్నాను. ఎడిటింగ్‌కి మాత్రం ఒక కుర్రాడిని పెట్టుకుందామనుకుంటున్నాను. అకౌంట్లు అతనికి ఇవ్వొచ్చా? డాక్టర్ల ముఖాలతో ఏఐ వీడియోలు చేసి మందులు అమ్ముతున్నారు, దానికి ముందే చేయగలిగింది ఏమైనా ఉందా?

లోకల్_లిస్టింగ్స్_విజయవాడ:

పాస్‌వర్డ్ ఇవ్వకండి సార్. గూగుల్ ప్రొఫైల్, యూట్యూబ్ రెండింట్లోనూ మీ మెయిల్ ఓనర్‌గా ఉంచి, అతన్ని మేనేజర్‌గా లేదా ఎడిటర్‌గా చేర్చండి. మానేసిన రోజు ఒక్క క్లిక్‌తో తీసేయొచ్చు. డొమైన్ మీ పేరు మీదే కొనండి. టూ స్టెప్ వెరిఫికేషన్ మీ సొంత నంబర్‌కే ఉండాలి, రిసెప్షన్ ఫోన్‌కి వద్దు. ఎడిటర్ పెట్టిన థంబ్‌నెయిల్, టైటిల్ మీరు చూడకుండా పబ్లిష్ కాకూడదు, ఎందుకంటే "ఇది తింటే షుగర్ మాయం" అని అతను రాసినా బాధ్యత మీదే.

నకిలీ వీడియోలు రాకుండా ఆపలేం. వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టండి: నా అసలు ఖాతాలు ఇవి, నేను ఏ మందూ, పొడీ ఆన్‌లైన్‌లో అమ్మను, ఫోన్ చేసి డబ్బు అడగను. అదే మాట క్లినిక్ గోడ మీదా అంటించండి. నకిలీది కనిపిస్తే ముందు లింక్, స్క్రీన్‌షాట్, తేదీ దాచుకుని, తర్వాత ప్లాట్‌ఫామ్‌లో ఇంపర్సనేషన్ (వేరొకరిలా నటించడం) కింద రిపోర్ట్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మీ పేషెంట్ ఎవరైనా డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వాళ్ల చేతే ఫోన్ చేయించండి.