సైటు పనికి ల్యాప్‌టాప్: హెచ్‌ఎక్స్ ప్రాసెసర్ వేగమా, వీ శ్రేణి బ్యాటరీయా?

గట్టుమీద ఇంజనీరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలో ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున కాలువ పనులు చూసే సివిల్ ఇంజనీరును. వారంలో ఎక్కువ రోజులు సైటులోనే గడుస్తాయి. క్యాంపు ఆఫీసులో జనరేటర్ ఉంది గాని, డీజిల్ లెక్క చూసుకొని పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు మాత్రమే నడుపుతారు. నాకు అసలు పని పడేది ఆ మధ్య వేళలోనే. టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం) నుంచి వచ్చిన లెవెళ్లను సివిల్ 3డీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, క్రాస్ సెక్షన్లు తీసి, మట్టిపని పరిమాణాలు లెక్కగట్టి, ఆటోక్యాడ్ డ్రాయింగులో మార్పులు చేసి, డిపార్ట్‌మెంటు ఇంజనీరు వచ్చేసరికి చూపించడానికి సిద్ధంగా ఉంచాలి. తూములు, చిన్న వంతెనల కోసం కట్టడాల బలం లెక్కగట్టే స్టాడ్ ప్రో కూడా అప్పుడప్పుడు వాడతాను.

ఇప్పుడున్న ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా నీరసించింది కాబట్టి కొత్తది కొనాలి. చూసినవాటిలో మూడు మిగిలాయి. మూడింటిలోనూ ఇంటెల్ ప్రాసెసర్లే. మొదటిది కోర్ ఐ7-13650హెచ్‌ఎక్స్ ప్రాసెసర్, విడిగా ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 60 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న బరువైన యంత్రం. రెండోది కోర్ 7 150యూ ఉన్నది. ధరలో అన్నిటికంటే తక్కువ. మూడోది కోర్ అల్ట్రా 7 258వీ, 32 జీబీ ర్యామ్, 70 వాట్-అవర్ల బ్యాటరీతో వచ్చే 14 అంగుళాల తేలికపాటిది. ధరలో మొదటిదానికి దరిదాపుల్లో ఉంది.

దుకాణదారు మాత్రం మూడోదానిలో ఉన్నవి 8 కోర్లేనని (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు), డ్రాయింగు పనికి అవి చాలవని, 14 కోర్లున్న మొదటిదే తీసుకోమని గట్టిగా చెబుతున్నారు. మా సహోద్యోగి అయితే, రెండోదాని మీద కూడా 7 అనే అంకె ఉన్నప్పుడు ఎక్కువ డబ్బు పెట్టడం దేనికంటున్నారు. కోర్లు దాదాపు సగానికి తగ్గితే నా పని వేగం కూడా సగానికి పడిపోతుందా? అలాగే బ్యాటరీ బాగా వస్తుందని పేరున్న మ్యాక్‌బుక్, స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లను కూడా లెక్కలోకి తీసుకోవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

చిప్‌ల సంగతి (సమాధానం):

నమస్కారమండీ. మీ చివరి ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు దాన్ని ముగిద్దాం. ఆటోక్యాడ్‌కు మ్యాక్ కూర్పు ఉంది గాని సివిల్ 3డీకి, స్టాడ్ ప్రోకు లేదు. స్నాప్‌డ్రాగన్ యంత్రాల్లో విండోస్ నడుస్తుంది గాని, అవి ఏఆర్ఎం అనే వేరే నిర్మాణపు ప్రాసెసర్లు. వాటిమీద విండోస్ ఆటోక్యాడ్‌కు తమ మద్దతు లేదని ఆటోడెస్క్ తన సిస్టమ్ అవసరాల పత్రంలోనే రాసింది. బిల్లు గడువు దగ్గర పడ్డ రోజున సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ఎంత బ్యాటరీ ఉండి ఏం లాభం? ఆ రెండింటినీ పక్కన పెట్టండి.

ఇక కోర్ల విషయం. ఆటోక్యాడ్, సివిల్ 3డీ పనుల్లో అత్యధిక భాగం ఒకే కోరు మీద నడుస్తుంది. మీ దగ్గరున్న పెద్ద డ్రాయింగు తెరిచి, రీజెన్ (డ్రాయింగును తెరమీద మళ్లీ గీయించే ఆదేశం) ఇచ్చి, పక్కనే టాస్క్ మేనేజర్ చూడండి. తెర కదలకుండా మిమ్మల్ని కూర్చోబెట్టిన ఆ సమయంలో కూడా ప్రాసెసర్ మొత్తం వాడకం చాలా తక్కువ శాతంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఒక్క థ్రెడ్ (కోరు మీద నడిచే ఒక పని వరుస) మాత్రమే ఊపిరాడకుండా పనిచేస్తుంటుంది, మిగిలినవి ఖాళీగా ఉంటాయి. 13650హెచ్‌ఎక్స్‌లో 14 కోర్లు, 20 థ్రెడ్లు ఉన్నాయి. అందులో ఒక థ్రెడ్ నిండా పనిచేసినా మొత్తంలో అది 5 శాతమే. అంటే డ్రాయింగు సవరణలో మీకు కావలసింది ఒక్క కోరు ఎంత వేగంగా పరుగెత్తగలదన్నదే గాని, వెనక ఎన్ని కోర్లు నిలబడి ఉన్నాయన్నది కాదు.

ఆ ఒక్క కోరు లెక్కలో మూడూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. గరిష్ఠ వేగం 13650హెచ్‌ఎక్స్‌కు 4.9 గిగాహెర్ట్జ్, 150యూకు 5.4, 258వీకి 4.8. మొదటి రెండూ ఒకే వంశానికి చెందిన చిప్‌లు. 150యూ 2024 జనవరిలో కొత్త పేరుతో వచ్చినా, లోపలి నిర్మాణం 2023 నాటి 13వ తరానిదే. 258వీలోని పెద్ద కోరు వాటికంటే కొత్తది, ఒక్కో గిగాహెర్ట్జ్‌కు ఎక్కువ పని చేస్తుంది కాబట్టి, అంకెలో వెనకబడినట్టు కనిపించినా పనిలో వెనకబడదు. మీ సహోద్యోగితో ఒక మాట చెప్పండి: 7 అనే అంకె ఇంటెల్ ఆ వరుసలో ఇచ్చిన స్థానమే తప్ప, రెండు వేర్వేరు వరుసల చిప్‌లు సమానమని హామీ కాదు. వెనకనున్న అక్షరాన్ని (హెచ్‌ఎక్స్, యూ, వీ) చూడాలి. 150యూలో పెద్ద కోర్లు రెండే, మిగిలిన ఎనిమిదీ చిన్నవి.

తేడా బయటపడేది అన్ని కోర్లూ ఏకకాలంలో చాలాసేపు పనిచేయవలసి వచ్చినప్పుడే. మూడు చిప్‌ల ప్రాథమిక విద్యుత్ పరిమితులు వరుసగా 55, 15, 17 వాట్లు. కాసేపు ఊపందుకున్నప్పుడు అవి వరుసగా 157, 55, 37 వాట్ల దాకా వెళ్లవచ్చు. ఇక్కడొక భౌతికశాస్త్ర చిక్కు ఉంది. చిప్ ఖర్చుచేసే విద్యుత్తు దాని వేగంతో పాటు వోల్టేజి వర్గంతో (వోల్టేజిని వోల్టేజితోనే గుణించిన విలువతో) పెరుగుతుంది, వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచక తప్పదు. ఉదాహరణకు వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజిని 15 శాతం పెంచవలసి వచ్చిందనుకుంటే, ఖర్చు దాదాపు 59 శాతం పెరుగుతుంది. చివరి కొద్దిపాటి వేగానికి బ్యాటరీ చెల్లించే మూల్యం అది.

అయితే బ్యాటరీని అసలు తినేసేది ఆ ఊపు కాదు. మీరు డ్రాయింగు వైపు చూస్తూ ఆలోచిస్తున్నప్పుడు, ఎక్సెల్‌లో లెవెళ్లు సరిచూస్తున్నప్పుడు గడిచే నిమిషాలే రోజులో ఎక్కువ. ఆ తీరిక వేళ ఖర్చులోనే హెచ్‌ఎక్స్ చిప్ ఘోరంగా ఓడిపోతుంది. అది డెస్క్‌టాప్ కోసం చేసిన చిప్‌నే ల్యాప్‌టాప్‌లో అమర్చినది. పక్కనే విడిగా ఒక చిప్‌సెట్ కూడా ఉండి, ఏ పనీ లేకపోయినా తన వాటా తాను తీసుకుంటుంది. 258వీని మొదటినుంచీ తీరిక వేళ పొదుపు కోసమే రూపొందించారు. దాని గణన భాగాన్ని తైవాన్ చిప్‌ల తయారీ సంస్థ టీఎస్ఎంసీ 3 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేస్తుంది, ర్యామ్ కూడా ఆ ప్యాకేజీలోనే ఉంటుంది, తేలిక పనులను నాలుగు పొదుపు కోర్లే చూసుకొని పెద్ద కోర్లను నిద్రపోనిస్తాయి. మీరు చెప్పిన పనికి నా ఓటు మూడోదానికే.

రెండర్ రాత్రులు (సమాధానం):

పైన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, హెచ్‌ఎక్స్‌ను అంత తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. నేను హైదరాబాదులో భవనాల 3డీ దృశ్యాలు తయారుచేసే పనిలో ఉన్నాను. అన్ని కోర్లూ ఇరవై నిమిషాలపాటు ఏకధాటిగా పనిచేయవలసిన రెండరింగులో 13650హెచ్‌ఎక్స్ వేగం 258వీకి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. ల్యూమియన్ వంటి 3డీ దృశ్యాల సాఫ్ట్‌వేర్‌లకైతే విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా పని మొదలే కాదు. ఇంకొక లాభం కూడా ఉంది. ఆ తరగతి ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ర్యామ్ స్లాట్లు ఉంటాయి కాబట్టి 16 జీబీని తరవాత 32 చేసుకోవచ్చు. 258వీలో కొన్ననాటి 32 జీబీయే చివరిదాకా.

కానీ మీ పరిస్థితిలో ఒక విషయం దుకాణంలో ఎవరూ చెప్పరు. ప్లగ్ తీసేసిన క్షణం నుంచి హెచ్‌ఎక్స్ ఇక ఆ హెచ్‌ఎక్స్ కాదు. బ్యాటరీ ఒక్కటే అన్ని వాట్లు అందించలేదు కాబట్టి తయారీదారులు ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కళ్లెం వేస్తారు. అందువల్ల జనరేటర్ ఆగిపోయిన వేళల్లో మీరు డబ్బు పెట్టి కొన్న వేగంలో మంచి భాగం మీ చేతికి రాదు, బరువు మాత్రం సంచిలో పూర్తిగా ఉంటుంది. ఒకవేళ అదే కొంటే, విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగులలో ఆటోక్యాడ్‌కు పవర్ సేవింగ్ ఎంచుకోండి. లేకపోతే మామూలు రేఖాచిత్రం తెరిచినా విడి కార్డు మేలుకొని, మీరు డ్రాయింగు మూసేదాకా కరెంటు తాగుతూనే ఉంటుంది.

జీపులో చార్జర్ (సమాధానం):

నేను విద్యుత్ లైన్ల సర్వేలో పనిచేస్తాను. ప్రాసెసర్ల లోతులు పెద్దలు చెప్పారు కాబట్టి కరెంటు లెక్క మాత్రం చెబుతాను. బ్యాటరీ వాట్-అవర్లను సగటు వాడకం వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. 70 వాట్-అవర్ల యంత్రం సగటున 7 వాట్లు తీసుకుంటే 10 గంటలు. 60 వాట్-అవర్లది సగటున 15 వాట్లు తీసుకుంటే 4 గంటలే. అదే యంత్రం మీద 60 వాట్ల భారం పడితే ఒక్క గంట. ప్రకటనలో రాసే గంటలు తెర వెలుగు బాగా తగ్గించి వీడియో నడిపి కొలిచినవి కావడం మామూలే కాబట్టి, వాటిని మన రోజుకు అన్వయించకండి.

తెర సంగతి కూడా మరవకండి. ఎండలో, రేకుల షెడ్డు కింద డ్రాయింగు కనబడాలంటే వెలుగు పూర్తిగా పెంచక తప్పదు, తేలిక పనుల్లో అప్పుడు ప్రాసెసర్ కంటే తెరే ఎక్కువ తీసుకుంటుంది. ఓలెడ్ తెర (ప్రతి చుక్కా తానే వెలిగే రకం) అయితే ఆటోక్యాడ్‌లో గీతలు గీసే నల్లటి మోడల్ స్పేస్‌కు తక్కువ, తెల్లటి ఎక్సెల్ షీటుకు ఎక్కువ ఖర్చవుతుంది. పనిలో వేగంగా కదిలే బొమ్మలు ఉండవు కాబట్టి 120 హెర్ట్జ్ ఉంటే 60కి తగ్గించుకోండి.

మీలాంటివారికి అసలైన తేడా చార్జింగులో ఉంది. మూడోది 65 వాట్ల టైప్-సీ చార్జరుతో నిండిపోతుంది. అంటే జీపులోని 12 వోల్టుల సాకెట్‌కు పీడీ రకం (టైప్-సీ ద్వారా ఎక్కువ వాట్లు ఇచ్చే) కారు చార్జరు తగిలించి, క్యాంపు నుంచి రీచ్‌కు (పని జరిగే కాలువ భాగానికి) వెళ్లే దారిలోనే కొంత ఎక్కించుకోవచ్చు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది పోగా మిగిలింది కూడా మంచి ఆసరాయే, కాకపోతే దానికి 65 వాట్ల టైప్-సీ అవుట్‌పుట్ ఉందో లేదో చూసి కొనండి. హెచ్‌ఎక్స్ యంత్రపు ఇటుకలాంటి అడాప్టరును జీపు సాకెట్ మోయలేదు. కొన్ని మోడళ్లు 100 వాట్ల టైప్-సీని ఒప్పుకుంటాయి గాని, బరువైన పని నడుస్తుంటే అటు ఎక్కుతున్నా ఇటు దిగుతూనే ఉంటుంది. అనంతపురం మే నెల ఎండలో మాత్రం జీపు అద్దాలు మూసి దేనినీ లోపల వదలకండి. లిథియం బ్యాటరీకి వేడికి మించిన శత్రువు లేదు.

గట్టుమీద ఇంజనీరు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. టాస్క్ మేనేజర్ పరీక్ష చేసి చూశాను. సర్ఫేస్ (నేల ఉపరితలపు నమూనా) కడుతున్నంతసేపూ ఒక్క గీత మాత్రమే పైకంటా ఉంది, మిగిలినవి నేలనంటుకొని ఉన్నాయి. నా స్టాడ్ మోడళ్లు చిన్నవి, విశ్లేషణ కూడా ఎక్కువసేపు పట్టదు. 3డీ దృశ్యాల పని నాకు లేదు. అయితే డ్రోన్ సర్వే ఫొటోలనుంచి పాయింట్ క్లౌడ్ (నేల రూపాన్ని చూపే 3డీ బిందువుల సమూహం) తయారుచేసే పని వచ్చే సీజన్‌లో మా మీద పడవచ్చని మేనేజరు అంటున్నారు. దానివల్ల మీ అభిప్రాయం మారుతుందా?

చిప్‌ల సంగతి:

ఆ పనిని ల్యాప్‌టాప్ నెత్తిన పెట్టాలనుకుంటే మారుతుంది, పెట్టకపోతే మారదు. వందలాది ఫొటోలను పాయింట్ క్లౌడ్‌గా మార్చేటప్పుడు అన్ని కోర్లూ, విడి గ్రాఫిక్స్ కార్డూ గంటల తరబడి పనిచేస్తాయి, 258వీకి అది తగిన పని కాదు. కానీ ఆ పనిని బ్యాటరీ మీద చేసే ల్యాప్‌టాప్ ఏదీ లేదు. ఇందాకటి లెక్క ప్రకారం హెచ్‌ఎక్స్ కూడా గంటకే చేతులెత్తేస్తుంది. ఫొటోలను మెమరీ కార్డులో అనంతపురం ఆఫీసుకు పంపి అక్కడ మంచి కార్డున్న డెస్క్‌టాప్ మీద రాత్రిపూట నడిపించమని మేనేజరును అడగండి. బిందువులు తగ్గించి పలుచన చేసిన పాయింట్ క్లౌడ్ మీ దగ్గరికి తిరిగి వచ్చాక, దాన్ని తెరిచి సర్ఫేస్ కట్టుకోవడానికి కోర్ల కంటే 32 జీబీ ర్యామే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆఫీసు ఒప్పుకోక మొత్తం భారం మీ ఒక్క యంత్రం మీదే పడేటట్టయితే మొదటిది తీసుకొని, ర్యామ్ 32కు పెంచుకొని, డీజిల్ గంటలు పెంచమని అడగడమే దారి.

మూడోది కొనేటట్టయితే రెండు విషయాలు సరిచూడండి. ఒకే 258వీని ఒక తయారీదారు నిలకడగా 17 వాట్ల మీదే నడిపితే, మరొకరు మంచి ఫ్యాను పెట్టి దాదాపు 30 దాకా పోనిస్తారు, కాబట్టి మీరు చూసిన మోడలు ఎంత నిలబెట్టగలదో సమీక్షల్లో వెతకండి. రెండో విషయం, ఒకే మోడలు పేరుతో వేర్వేరు బ్యాటరీలు అమ్మడం కూడా ఉంది. డబ్బు కట్టేముందు డబ్బా మీదున్న పూర్తి మోడలు నంబరును తయారీదారు వెబ్‌సైట్లో కొట్టి, అది మీరు చెప్పిన 70 వాట్-అవర్లదే అవునో కాదో చూసుకోండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు విండోస్ పవర్ మోడ్‌ను బ్యాలెన్స్‌డ్‌లో ఉంచండి. అంతకంటే పొదుపు మోడ్ పెడితే సర్ఫేస్ కట్టేటప్పుడు ఆ ఒక్క కోరు కూడా తన పూర్తి వేగం అందుకోకపోవచ్చు.