ఎఫెక్ట్ సైజ్ 0.9 ఉందంటే ఆ బోధన పద్ధతిని నమ్మొచ్చా?

ప్రశ్న: హైస్కూల్ సైన్స్ టీచర్
స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల సముదాయం) మీటింగులో బోధన పద్ధతుల జాబితా ఒకటి పంచారు. ఒక్కోదాని పక్కన ఎఫెక్ట్ సైజ్ వేశారు, ఒకదానికి 0.9, ఇంకోదానికి 0.25 అలా. 0.4 దాటినవే క్లాసులో వాడమన్నారు. అంకె పెద్దదైతే పద్ధతి మంచిదనేనా? నాకు 8వ తరగతిలో రెండు సెక్షన్లున్నాయి, ఒక్కోదాంట్లో 40 మంది. నేనే పరీక్షించి చూసుకోవచ్చా?

జవాబు 1: గణాంకాల లెక్చరర్
ఎఫెక్ట్ సైజ్ అంటే రెండు సగటు మార్కుల తేడాను ప్రామాణిక విచలనంతో, అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెతో, భాగిస్తే వచ్చేది. 0.4 అనే గీత విద్యా పరిశోధకుడు జాన్ హ్యాటీ 2009లో ఎన్నో అధ్యయనాల ఫలితాల సగటు తీసి గీసింది. పోలిక గుంపు (ఆ పద్ధతి వాడని పిల్లలు) ఉన్న అధ్యయనాలనూ, ఒకే పిల్లల మార్కులను ముందు, తర్వాత పోల్చినవాటినీ ఆ సగటులో కలిపేశారు. ఏ పద్ధతీ లేకపోయినా పిల్లలు ఏడాదిలో ఎంతో కొంత నేర్చుకుంటారు. పోలిక గుంపు లేకపోతే ఆ ఎదుగుదలంతా పద్ధతి ఖాతాలో పడుతుంది. అందుకే ముందు పోలిక గుంపు ఉందా, దాన్ని లాటరీతో విడదీశారా చూడండి.

తర్వాత, ప్రశ్నపత్రం ఎవరు తయారుచేశారో చూడండి. పరిశోధకులే రాసుకున్న పరీక్షల్లో ఎఫెక్ట్ సైజ్ స్వతంత్ర పరీక్షల్లో కంటే దాదాపు రెట్టింపు వస్తోందని చ్యుంగ్, స్లావిన్ అనే విద్యా పరిశోధకులు 2016లో చూపించారు. లాటరీ, స్వతంత్ర పరీక్ష రెండూ ఉన్న పెద్ద అధ్యయనంలో 0.20 వస్తే అది పెద్ద ఫలితమే. మీ జాబితాలోని 0.25 అలాంటి అధ్యయనంలో వచ్చిందైతే 0.9 కంటే దాన్నే నమ్ముతాను.

జవాబు 2: డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) పనిచేస్తాను
సార్ చెప్పినదానికి ఒక మాట కలపాలి. పద్ధతి ఒకటే అయినా, దాన్ని అమలుచేసే తీరును బట్టి ఫలితం మారిపోతుంది. దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగంలో కొన్ని ప్రాథమిక పాఠశాలలకు పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరించే నివేదికలిచ్చారు, అప్పుడప్పుడు తరగతులను గమనించారు. చూడడానికి వెళ్లినప్పుడు టీచర్లు బాగానే శ్రమిస్తూ కనిపించారు. స్వతంత్ర పరీక్షలో మాత్రం నివేదికలు అందని బడుల కంటే ఆ పిల్లలు ముందుకెళ్లలేదు.

తరగతిని పక్కనపెట్టి, చదవగలిగిన స్థాయిని బట్టి పిల్లల్ని గుంపులు చేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతిదీ అంతే. బిహార్‌లో ప్రభుత్వ టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేసినచోట ఫలితం కనపడలేదు. హర్యానాలో దానికోసం రోజూ ఒక గంట కేటాయించి, పర్యవేక్షణ పెట్టాక హిందీలో ఎఫెక్ట్ సైజ్ 0.15 వచ్చింది. కాబట్టి పీరియడ్ ఎంత ఇచ్చారు, ఎవరు బోధించారు, ఎవరు పర్యవేక్షించారు అన్నవి రాయని పత్రం క్లాసులో పెద్దగా ఉపయోగపడదు.

జవాబు 3: గణితం స్కూల్ అసిస్టెంట్
మీ సెక్షన్ల లెక్క చూద్దాం. 25 మార్కుల పరీక్షలో ఒక సెక్షన్ సగటు 15, రెండోదానిది 13, ప్రామాణిక విచలనం 5 అనుకుంటే ఎఫెక్ట్ సైజ్ 2/5, అంటే 0.4. కానీ 40 మంది చొప్పున ఉన్నప్పుడు అటూ ఇటూ సుమారు 0.44 తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు. ఆ 0.4తో ఏదీ తేలదు. పైగా మంచి మార్కులవాళ్లను ఒకే సెక్షన్‌లో వేసే అలవాటుంటే పోలిక మొదట్లోనే చెడిపోతుంది.

అందుకని సెక్షన్లను కాకుండా పాఠ్యాంశాలను విడదీయండి. ఒక యూనిట్‌లోంచి ఇంచుమించు ఒకే కష్టం ఉన్న 20 భావనలు తీసి, చీటీలు వేసి పది, పదిగా పంచండి. మొదటి పదింటికి క్లాసు చివర 5 నిమిషాలు పుస్తకం మూయించి ప్రశ్నలడగండి. మిగతా పదింటికి అదే 5 నిమిషాలు మళ్లీ చదివించండి. సమయం సమానంగా లేకపోతే గెలిచింది పద్ధతో, అదనపు నిమిషాలో తెలియదు. రెండో సెక్షన్‌లో ఆ పదులను తారుమారు చేయండి. ఇలా చేస్తే ప్రతి పిల్లవాడూ తనకు తానే పోలిక అవుతాడు.

పరీక్ష మర్నాడే పెట్టకండి. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తల 2006 ప్రయోగంలో 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత పెట్టినదాంట్లో మాత్రం, మళ్లీ చదవకుండా గుర్తుచేసుకుని రాస్తూ నేర్చుకున్నవాళ్లు వాళ్లను దాటేశారు. మూడు వారాలాగి, క్లాసులో అడిగిన ప్రశ్నలే కాకుండా కొత్త మాటల్లో ప్రశ్నలు రాయండి. దిద్దేటప్పుడు ఏ ప్రశ్న ఏ పదిలోదో తెలియని తోటి టీచర్‌కు పేపర్లు ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు
గైర్హాజరైన పిల్లల్ని ఏం చేయాలి?

జవాబు 3: గణితం స్కూల్ అసిస్టెంట్
పాఠాలకు వచ్చి పరీక్షకు రానివాళ్లకు అదే వారంలో పేపర్ ఇచ్చి కలుపుకోండి. పాఠాల రోజుల్లో రానివాళ్ల మార్కులు తీసేయకుండా వేరే వరసలో రాసుకోండి. తక్కువ హాజరున్న పిల్లల్ని లెక్కలోంచి తప్పిస్తే ఏ పద్ధతైనా ఉన్నదానికంటే మెరుగ్గానే కనిపిస్తుంది.